చార్లెస్ బ్రిడ్జి, ప్రాగ్: విగ్రహాలకంటే కమానులు చూడండి

వ్లతావా నది మీది ఈ రాతి వంతెనకు వచ్చేవాళ్లలో చాలామంది విగ్రహాల పక్కన ఫొటోలు దిగి వెళ్లిపోతారు. ఇప్పుడక్కడున్న విగ్రహాల్లో ఎక్కువ భాగం నకళ్లు, అసలువి మ్యూజియంలో ఉన్నాయి. అసలైన గొప్పతనం కట్టడానిదే. అంతకుముందున్న జుడిత్ వంతెన 1342 వరదకు కొట్టుకుపోతే, 1357లో చక్రవర్తి నాలుగో చార్లెస్ దీనికి శంకుస్థాపన చేశాడు. పొడవు 516 మీటర్లు, కమానులు 16.

ఓల్డ్ టౌన్ వైపునుంచి మొదలుపెట్టండి. వంతెన ఎక్కకముందే నది ఎగువన ఉన్న నోవొత్నెహో లావ్కా అనే వీధి చివరిదాకా నడవండి. కమానుల వరస బాగా కనిపించేది అక్కడినుంచే. స్తంభాల ముందు నీళ్లలో ఏటవాలుగా పేర్చిన దుంగలు కనిపిస్తాయి. శీతాకాలంలో కొట్టుకొచ్చే మంచుపలకలు రాతికి తగలకముందే విరగడానికి పెట్టినవవి.

1890 వరదలో ముప్పు మంచువల్ల రాలేదు, కలపవల్ల వచ్చింది. ఎగువనుంచి వచ్చిన దుంగలు కమానులకు అడ్డంపడ్డాయి. నీరు పోయే దారి మూసుకుపోయి వడి పెరిగింది, స్తంభాల అడుగున నేల కోసుకుపోయింది. మూడు కమానులు కూలాయి. వాటితోపాటు రెండు విగ్రహాలు నదిలో పడ్డాయి. అందులో ఒకటి ఫ్రాన్సిస్ జేవియర్‌ది, పార్థివదేహం గోవాలో ఉన్న ఆయనదే. రాతి కమాను చాలా బరువు మోస్తుంది, పునాది కదిలితే మాత్రం తట్టుకోలేదు. రెండేళ్లకు మళ్లీ రాకపోకలు మొదలయ్యాయి.

నది దాటాక ఎడమవైపు మెట్లు దిగితే కాంపా దీవి. కమాను కింద నిలబడి ఇసుకరాయి దిమ్మెలు దగ్గరగా చూడండి. పైనుంచి ఇంకిన నీరు చలికి గడ్డకట్టి ఉబ్బితే రాయి పొరలుగా ఊడుతుంది, మంచు కరగడానికి చల్లిన ఉప్పు దాన్ని ఇంకా తినేస్తుంది. అందుకే 2007-2010 మరమ్మతుల్లో నీరు దిగకుండా దారిలో పరిచిన రాళ్ల కింద కొత్త పొర వేశారు. అది అవసరమైన పనే. కానీ పిట్టగోడలో పాత రాళ్లను అవసరానికి మించి మార్చారన్న విమర్శ వచ్చింది. నల్లబారిన దిమ్మెల మధ్య లేతరంగు కొత్తవి చూస్తే ఆ విమర్శ సబబేననిపిస్తుంది.

వంతెన మీదికి టికెట్ లేదు, వాహనాలు రావు, రాత్రింబవళ్లు తెరిచే ఉంటుంది. సూర్యోదయానికే వెళ్లండి. పొద్దెక్కితే నిలబడి చూడటానికి చోటుండదు, జేబుదొంగల బెడదా ఉంటుంది. రాళ్లు పరిచిన దారి కాబట్టి చక్రాల సూట్‌కేసు లాక్కెళ్లడం కష్టం. వంతెనకు ఓల్డ్ టౌన్ కొసనున్న బురుజుకు టికెట్ వేరే, 138 మెట్లు ఎక్కాలి. వంతెన తిన్నగా లేదని, కొద్దిగా వంపు తిరిగిందని తెలిసేది ఆ పైనుంచే, కాబట్టి ఆ డబ్బు దండగ కాదు.