పరిశోధన గ్రాంటుకు తిరుపతి నుంచి దరఖాస్తు: పోర్టల్‌కు నాలుగు స్టార్లు, ప్రాజెక్టు సెల్‌కు రెండు

ఊళ్లో ఎస్వీయూ, పద్మావతి మహిళా, వెటర్నరీ, సంస్కృత విశ్వవిద్యాలయాలు, వైద్య సంస్థ స్విమ్స్ ఉన్నాయి. ఏర్పేడు దగ్గర ఐఐటీ, సైన్సు విద్యా పరిశోధన సంస్థ ఐసర్, గాదంకిలో వాతావరణ పరిశోధన ప్రయోగశాల నార్ల్ ఉన్నాయి. తిరుపతి లాంటి ఊరి చుట్టూ ఇన్ని సంస్థలున్నా కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్ మొదటి ఏడాది అడిగే ప్రశ్న మారలేదు: ప్రాజెక్టుకు ఎక్కడ వెతకాలి, ఎవరి చేత రాయించాలి, సంతకం ఎవరు పెడతారు? ఇందుకు ఇక్కడ దొరికే సేవలు మూడు రకాలు. ఒకటి కేంద్ర సంస్థల ఆన్‌లైన్ పోర్టళ్లు, రెండోది విశ్వవిద్యాలయాల్లో ప్రాజెక్టుల ఫైళ్లు, లెక్కలు చూసే ప్రాజెక్టు సెల్, మూడోది డబ్బు తీసుకుని ప్రపోజల్ రాసిపెట్టే ప్రైవేటు సర్వీసులు.

ముందు వెతకడం సంగతి. సైన్సు, ఇంజినీరింగ్ వాళ్లకు అసలు తలుపు ఏఎన్ఆర్ఎఫ్, అంటే అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్. 2023 చట్టంతో ఏర్పడి, 2024 ఫిబ్రవరిలో పాత సెర్బ్‌ను (సైన్స్ అండ్ ఇంజినీరింగ్ రీసెర్చ్ బోర్డు) తనలో కలుపుకుంది. గ్రూపుల్లో తిరిగే పీడీఎఫ్‌లు చాలావరకు సెర్బ్ కాలం నాటివి కావడంతో ఇప్పటికీ ‘సీఆర్జీ ఎప్పుడు పడుతుంది’, ‘ఎస్ఆర్జీకి వేద్దామా’ అనే అడుగుతుంటారు. అవి సెర్బ్ పాత గ్రాంట్లు. కోర్ రీసెర్చ్ గ్రాంటు (సీఆర్జీ) స్థానంలో అడ్వాన్స్‌డ్ రీసెర్చ్ గ్రాంటు, స్టార్టప్ రీసెర్చ్ గ్రాంటు (ఎస్ఆర్జీ) స్థానంలో ప్రైమ్ మినిస్టర్ ఎర్లీ కెరీర్ రీసెర్చ్ గ్రాంటు వచ్చాయి. ఈ రెండోది మూడేళ్లకు 60 లక్షల వరకు ఇస్తుంది, ఓవర్‌హెడ్ (సంస్థ నిర్వహణ ఖర్చులకు ఇచ్చేది) అదనం. వయసు 42 దాటకూడదు, రిజర్వుడు వర్గాలకూ మహిళలకూ సడలింపు ఉంది. ఉద్యోగంలో చేరి ఎన్నేళ్లయిందన్న షరతు కూడా ఉంటుంది కాబట్టి జాయినింగ్ ఆర్డర్ ముందు పెట్టుకుని కాల్ (దరఖాస్తులు పిలిచే ప్రకటన) చదవాలి. గణితం వాళ్లకు వేరే దారి మ్యాట్రిక్స్: ఏడాదికి 2 లక్షలు, సంస్థకు ఓవర్‌హెడ్ 20 వేలు, మూడేళ్లు. మొత్తం చిన్నదే కానీ పరికరాల గోల లేదు, కాగితం పనీ తక్కువ.

బయాలజీ వాళ్లకు బయోటెక్నాలజీ శాఖ (డీబీటీ) వారి ఈప్రామిస్, వైద్యం వాళ్లకు ఐసీఎంఆర్ పోర్టల్, సైన్స్, టెక్నాలజీ శాఖ (డీఎస్టీ) పథకాలకు ఆ శాఖ సొంత ఈ-పీఎంఎస్. సాంఘిక శాస్త్రాలకు ఆ రంగపు జాతీయ పరిశోధన మండలి ఐసీఎస్ఎస్ఆర్. దాని దక్షిణ ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్‌లో ఉస్మానియా క్యాంపస్‌లోనే ఉంది. యూజీసీ మైనర్ ప్రాజెక్టు అని ఇంకా అడిగేవాళ్లున్నారు. ఆ కాలం పోయింది.

ఇక ఏఎన్ఆర్ఎఫ్ పోర్టల్. నాలుగు స్టార్లు ఎందుకంటే ప్రతి పేజీనీ విడిగా సేవ్ చేసుకోవచ్చు, నెల రోజులు పట్టినా డ్రాఫ్టు పోదు. అకౌంటు తెరిచిన రోజే పూర్తి చేయాల్సింది ప్రొఫైల్: చదువు, ఉద్యోగాలు, ప్రచురణలు, ఫోటో. సంస్థ పేరు జాబితాలో లేకపోతే చేర్పించుకోవాలి, అది ఒక్క రోజులో అయ్యే పని కాదు. కో-పీఐకి (పీఐ అంటే ప్రాజెక్టు ప్రధాన పరిశోధకుడు, కో-పీఐ సహ పరిశోధకుడు) కూడా అదే పోర్టల్‌లో సొంత ఐడీ ఉండాలి. చివరి రోజు సాయంత్రం కో-పీఐకి ఫోన్ చేసి ‘ఐడీ చెప్పండి సార్’ అంటే ఆయన పాస్‌వర్డ్ మరిచిపోయి ఉంటాడు, ఓటీపీ పాత నంబరుకు పోతుంది. ఇది ఏ ఒక్కరికో జరిగేది కాదు.

ఇంకో మెలిక: సారాంశం, ఆబ్జెక్టివ్‌ల పెట్టెలు పదాల్లో కాక అక్షరాల్లో లెక్కిస్తాయి, ఖాళీలు కూడా లెక్కలోకి వస్తాయి. వర్డ్ ఫైల్లో చక్కగా సరిపోయింది ఇక్కడ చివర తెగుతుంది. సబ్‌స్క్రిప్టులు, గ్రీకు గుర్తులు అతికిస్తే పిచ్చి గీతలుగా మారతాయి. అతికించాక ప్రివ్యూలో ఒక్కో లైనూ చూడాలి, ఎందుకంటే సబ్మిట్ నొక్కాక దిద్దడానికి ఉండదు. ఒక స్టారు కోత దేనికంటే, ఏ సబ్జెక్టు కమిటీ కింద పెట్టాలన్నది కొత్తవాళ్లకు అర్థమయ్యేలా లేదు. ఎర్రచందనం ఆకుల్లో రసాయనాల గురించి రాసిన ప్రపోజల్ కెమిస్ట్రీ కిందికీ వెళ్లొచ్చు, వృక్షశాస్త్రం కిందికీ వెళ్లొచ్చు. పద్ధతులు ఎక్కువగా ఏ శాస్త్రానివో ఆ కమిటీని ఎంచుకోండి. నమూనా ఏ చెట్టుదన్నది దీనికి లెక్కలోకి రాదు.

ఎర్రచందనం మాట వచ్చింది కాబట్టి: శేషాచలం కొండల్లోకి వెళ్లి ఆకు తుంచాలన్నా అటవీ శాఖ అనుమతి కావాలి. ఆ కాగితం చేతికి రాకముందే ‘మొదటి మూడు నెలలు: నమూనాల సేకరణ’ అని రాస్తే ప్రాంతం తెలిసిన రివ్యూయర్ అక్కడే ఆగిపోతాడు. జంతువుల మీద పని అయితే సంస్థ జంతు నైతిక కమిటీ, రోగుల మీద అయితే మానవ నైతిక కమిటీ ఆమోదం కావాలి. కమిటీ ఎప్పుడు కూర్చుంటుందో ముందే కనుక్కుని పెట్టుకోవాలి.

కాలపట్టిక విషయంలో చిత్తూరు వైపు పంటల మీద రాసేవాళ్లు చేసే తప్పు ఒకటుంది. తోతాపురి మామిడి గుజ్జు మీద మూడేళ్ల ప్రాజెక్టు అనుకుందాం. ఫ్యాక్టరీలకు కాయ వచ్చేది జూన్, జూలైలలో. శాంక్షన్ ఆర్డర్ ఆగస్టులో వస్తే మొదటి కాపు దొరికేది పది నెలల తర్వాత. మూడో కాపు ప్రాజెక్టు చివరి రెండు నెలల్లో పడుతుంది, విశ్లేషణకు సమయం మిగలదు. అంటే కాగితం మీద మూడేళ్లయినా చేతికొచ్చేది రెండు కాపుల డేటా. ఆబ్జెక్టివ్‌లు ఆ రెండింటికి సరిపడా రాయండి. మొదటి పది నెలలకు పద్ధతుల ప్రామాణీకరణ, రిక్రూట్‌మెంట్, పరికరాల కొనుగోలు పెట్టండి. ఇలా రాసిన ప్రపోజల్ చూస్తే రాసినవాడు తోట చూశాడని తెలిసిపోతుంది.

బడ్జెట్‌కు వస్తే, హైదరాబాద్ మిత్రుడి పాత ప్రపోజల్ తెచ్చుకుని అంకెలు దించేయడం మామూలు. జేఆర్ఎఫ్‌కు (ప్రాజెక్టులో పనిచేసే జూనియర్ రీసెర్చ్ ఫెలో) 2023 జనవరి నుంచి నెలకు 37,000, ఎస్ఆర్ఎఫ్‌కు (సీనియర్ ఫెలో) 42,000. రెండేళ్లు జేఆర్ఎఫ్, మూడో ఏడు ఎస్ఆర్ఎఫ్ అయితే 4,44,000 రెండుసార్లు, 5,04,000 ఒకసారి, మొత్తం 13,92,000. దీని మీద ఇంటద్దె భత్యం. దానికి ఊళ్లను వర్గాలుగా విడదీస్తారు: హైదరాబాద్ ఎక్స్ వర్గం, తిరుపతి జెడ్ వర్గం. అక్కడి శాతం ఇక్కడ వేయకూడదు. పాత 31,000 రేటుతో వేసిన బడ్జెట్లు ఇంకా కనిపిస్తుంటాయి. దానితో ఇబ్బంది ఏమిటంటే తక్కువ అడిగితే తక్కువే మంజూరవుతుంది, తర్వాత పెంచమంటే అదో పెద్ద ఫైలు.

పరికరాల దగ్గర జీఎస్టీ తిరకాసు. పరిశోధన సంస్థలకు సర్టిఫికెట్ చూపిస్తే 5 శాతమే వేసే రాయితీ 2022 జూలై 18తో పోయింది. ఆ రాయితీ లెక్కతో పాత కొటేషన్‌ను కాపీ చేసి, కొనే రోజు బిల్లు 18 శాతంతో వస్తే, 10 లక్షల వస్తువు మీద 50 వేలకు బదులు 1,80,000 కట్టాలి. ఆ తేడా 1,30,000 ఏ పద్దులోనూ ఉండదు. 2025 సెప్టెంబరులో రేట్లు మళ్లీ మారాయి. అందుకే వస్తువు హెచ్ఎస్ఎన్ కోడు (పన్ను కోసం వస్తువులను వర్గీకరించే అంకె), ఆ కోడుకు వర్తించే శాతం, రవాణా, ఇన్‌స్టలేషన్, వారంటీ ఏళ్లు అన్నీ కొటేషన్‌లోనే రాయించుకోవాలి. యూపీఎస్ మరిచిపోతారు. ల్యాబులో కరెంటు పోయిన రోజు అది గుర్తొస్తుంది.

అసలు కొనాలా అన్నది ఇంకో ప్రశ్న. ఐ-స్టెమ్ అనే జాతీయ పోర్టల్‌లో ఏ సంస్థలో ఏ పరికరం బయటివాళ్లకు అందుబాటులో ఉందో చూసుకోవచ్చు. ఏర్పేడులో ఉన్నదాన్నే తిరుపతికి మరొకటి కావాలని 40 లక్షలకు అడిగితే రివ్యూయర్ ఎందుకని అడుగుతాడు. ‘రోజుకు ఇన్ని నమూనాలు, నమూనా ఇన్ని గంటల్లో పాడైపోతుంది, తీసుకెళ్లేలోపు పనికిరాదు’ అన్న కారణం ఉంటే అడగండి. లేకపోతే వాడకం ఛార్జీలు కంటింజెన్సీలోనో (చిల్లర ఖర్చులు) కన్స్యూమబుల్స్‌లోనో (రసాయనాల్లాంటి వాడి అయిపోయేవి) పెట్టుకోండి.

రాష్ట్ర విశ్వవిద్యాలయాల వాళ్లు తక్కువగా వాడుకునేది టేర్ (టీచర్స్ అసోసియేట్‌షిప్ ఫర్ రీసెర్చ్ ఎక్సలెన్స్) పథకం. సెర్బ్ కాలంలో మొదలైంది. సొంత ఉద్యోగంలో ఉంటూనే ఐఐటీ, ఐసర్, జాతీయ ప్రయోగశాల లాంటి చోట పార్ట్‌టైంగా పరిశోధన చేయడానికి ఏడాదికి 5 లక్షల గ్రాంటు రెండు సంస్థలకూ చెరి సగం, టీచరుకు ఏడాదికి 60,000 ఫెలోషిప్, మూడేళ్లు. మిగతా జిల్లాల వాళ్లు హోస్ట్ సంస్థ కోసం రైలెక్కాలి, ఇక్కడివాళ్లకు ఏర్పేడో గాదంకో బస్సు దూరం. కాల్ పడ్డాక హోస్ట్ మెంటర్‌ను వెతకడం మొదలుపెడితే మాత్రం ఆలస్యమే.

ప్రాజెక్టు సెల్‌కు రెండు స్టార్లు. ఏ ఒక్క విశ్వవిద్యాలయాన్నో అనడం లేదు, వ్యవస్థే అలా ఉంది. పోర్టల్‌లో అన్నీ పూర్తయ్యాక ఆగిపోయేది సంస్థ ఆమోదం తెలిపే ఎండార్స్‌మెంట్ లెటర్ దగ్గర. నోట్ ఫైల్ డిపార్ట్‌మెంట్ హెడ్ దగ్గర మొదలై ప్రిన్సిపల్, డీన్ మీదుగా రిజిస్ట్రారు బల్ల చేరాలి. మధ్యలో ఒకరు సెలవు పెట్టినా, ఒకరు తిరుమల డ్యూటీలో ఉన్నా అక్కడే కూర్చుంటుంది. పది పనిదినాలు పెట్టుకోండి. చివరి తేదీ బ్రహ్మోత్సవాలూ దసరా సెలవులూ కలిసే వారంలో పడితే పదిహేను.

తిరస్కరణకు దారితీసే తప్పులు చూడటానికి చాలా చిన్నవి. లెటర్‌లో సెర్బ్ అని పాత పేరు ఉండటం. రిజిస్ట్రారు పెట్టాల్సిన చోట హెడ్ సంతకం. సీలు లేకపోవడం. సెల్‌ఫోన్‌తో తీసిన ఫోటో, దాని మీద వేలి నీడ. వీటన్నింటికంటే ఎక్కువగా జరిగేది టైటిల్ తేడా: సంతకం అయిపోయాక పీఐ పోర్టల్‌లో ఒక పదం మారుస్తాడు, లెటర్‌లో పాత టైటిలే ఉండిపోతుంది. కాబట్టి ముందు టైటిల్ తేల్చేయండి, తర్వాతే ఫైలు పెట్టండి. ఆ కాల్‌లో ఇచ్చిన నమూనానే అక్షరం మార్చకుండా లెటర్‌హెడ్ మీద రెండు కాపీలు తీయించి రెండింటి మీదా సంతకం తీసుకోండి. ప్రైవేటు కాలేజీలకైతే ఎన్జీఓ దర్పణ్ (స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే కేంద్ర పోర్టల్) నంబరు కూడా అడుగుతారు. మేనేజ్‌మెంట్‌కు ఆ నంబరు ఉందో లేదో ఇప్పుడే కనుక్కోవడం మంచిది.

సెల్‌కు ఆ రెండు స్టార్లయినా ఎందుకంటే, డబ్బు వచ్చాక లెక్కల పనిలో అనుభవమున్న సూపరింటెండెంటు ఒకరు ఉంటే పీఐ బతుకు తేలిక. కేంద్ర నిధుల చెల్లింపుల పోర్టల్ పీఎఫ్ఎంఎస్‌లో ఖాతా మ్యాపింగ్, ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్ జెమ్‌లో కొనుగోలు, మార్చి 31 నాటికి ఖర్చుల పట్టిక, కేంద్ర ఆర్థిక నిబంధనల (జీఎఫ్ఆర్) 12-ఏ నమూనాలో యూసీ (డబ్బు వాడినట్టు ఇచ్చే ధ్రువపత్రం), ఇవన్నీ వాళ్ల చేతి మీదుగానే జరుగుతాయి. కన్స్యూమబుల్స్ డబ్బుతో ల్యాప్‌టాప్ కొంటే యూసీ ఆడిట్‌లో ఆగుతుంది, యూసీ ఆగితే రెండో ఏడాది విడుదల ఆగుతుంది, ఆ తర్వాత జేఆర్ఎఫ్ జీతం ఆగుతుంది. ఒక పద్దు నుంచి ఇంకో పద్దుకు మార్చాలంటే ముందే అనుమతి తీసుకోవాలి.

ప్రైవేటు సర్వీసులకు ఒక్క స్టారు. ‘శాంక్షన్ గ్యారంటీ’ అన్న మాట వినపడగానే లేచి వచ్చేయండి. రివ్యూయర్లెవరో, కమిటీ ఏమంటుందో వాళ్ల చేతిలో లేదు. వాళ్లు రాసిచ్చే సాహిత్య సమీక్ష చాలాసార్లు ముందు ఇంకొకరికి రాసిచ్చినదే. యూజీసీ గ్రంథాలయ నెట్‌వర్క్ సంస్థ ఇన్‌ఫ్లిబ్‌నెట్ ద్వారా విశ్వవిద్యాలయాలకు వచ్చే, కాపీని పట్టే డ్రిల్‌బిట్ సాఫ్ట్‌వేర్‌లో వేసి చూస్తే రంగులు బయటపడతాయి. దరఖాస్తులో సొంత పనేనని హామీపత్రం మీద సంతకం పెట్టేది పీఐ. ఆ ఒక్క స్టారు ఇంగ్లిష్ దిద్దినందుకు, బొమ్మలు గీసినందుకు. అంతవరకే వాడుకుంటే తప్పులేదు.

కొందరు ప్రమోషన్ పాయింట్ల కోసమే వేస్తారు, అదీ తప్పు కాదు: 2018 యూజీసీ నిబంధనల ప్రకారం పూర్తయిన ప్రాజెక్టు 10 లక్షలు దాటితే 10 పాయింట్లు, లోపయితే 5. నడుస్తున్న ప్రాజెక్టుకు 5, 2. అలాంటివాళ్లు 60 లక్షల కాల్ వెంట పడకుండా చిన్న కాల్‌కు వేయడం మేలు. పూర్తయిందని చూపడానికి చివరి యూసీ, కంప్లీషన్ రిపోర్టు కాపీలు సెల్ నుంచి ముందే తీసిపెట్టుకోండి, పాత ఫైలు వెతికి ఇచ్చే ఓపిక తర్వాత ఎవరికీ ఉండదు.