ఒకే గిన్నెలో చికెన్ పాస్తా: డ్యూరం పెన్నే ప్యాకెట్ ధరకు తగ్గదేనా?

ఒడిశాలోని మా ఊరు పర్లాకిమిడి కిరాణా దుకాణాల్లో పాస్తా ఇప్పుడు రెండు రూపాల్లో దొరుకుతోంది. పెద్ద ప్లాస్టిక్ సంచిలోంచి తూకం వేసి పొట్లం కట్టి ఇచ్చే మాకరోనీ ఒకటి. ‘నూరు శాతం డ్యూరం గోధుమ’ (పాస్తాకు వాడే గట్టి గోధుమ రకం) అన్న ముద్రతో అరకిలో ప్యాకెట్‌గా వచ్చే పెన్నే, అంటే రెండు కొసలా ఏటవాలుగా తెగిన గొట్టాల పాస్తా, రెండవది. రెండవదాని ధర మొదటిదానికి రెట్టింపు పైమాటే. ఆ అదనపు డబ్బు వంటలో కనిపిస్తుందా, లేక అట్టపెట్టెకూ దాని మీది రంగుల బొమ్మకూ పోతుందా అన్నది తేల్చడానికి రెండింటినీ ఒకే వంటలో పెట్టి చూశాను. ఆ వంట కోడిమాంసం, పాస్తా, టమాటా, నీళ్లు అన్నీ ఒకే గిన్నెలో ఉడికే రాత్రి భోజనం. పాస్తాకు ఇంతకంటే కఠినమైన పరీక్ష లేదు. విడిగా ఉడికించి వార్చేటప్పుడు ఊడిన పిండి గంజితోపాటు తూములోకి పోతుంది కాబట్టి నాసిరకం సరుకు లోపం సగం కప్పడిపోతుంది. ఒకే గిన్నె వంటలో మాత్రం పాస్తా వదిలిన ప్రతిదీ మన కంచంలోకే వస్తుంది.

కంపెనీ పేరు చెప్పడం లేదు. మా ఊరి దుకాణాల అరల్లో ఒక నెల కనిపించిన పేరు మరో నెల కనిపించదు. సరుకు ఒకసారి బరంపురం నుంచి, ఒకసారి విశాఖ వైపు నుంచి వస్తుంది. పేరు గుర్తుపెట్టుకోవడం కంటే ప్యాకెట్ వెనక ఏం చదవాలో తెలుసుకోవడం ఇక్కడి కొనుగోలుదారుకు ఎక్కువ ఉపయోగం. మన దేశపు నిబంధనల ప్రకారం పదార్థాల పట్టీలో ఎక్కువ బరువున్నది ముందు రావాలి. ఆ పట్టీలో డ్యూరం గోధుమ రవ్వ ఒక్కటే ఉంటే అది అసలు సరుకు. ఉత్త ‘సూజీ’ అనో, ‘గోధుమ రవ్వ, మైదా’ అనో ఉంటే, ముందువైపు ఎంత పెద్ద అక్షరాలతో ఏ దేశం పేరు రాసినా లోపల ఉన్నది మామూలు గోధుమే. పోషకాల పట్టికలో నూరు గ్రాములకు మాంసకృత్తులు 12 గ్రాములకు తగ్గకుండా ఉన్నాయేమో కూడా చూడాలి. ఒకే గిన్నె వంటలో పాస్తా విరగకుండా నిలవడానికి ఆధారం ఆ మాంసకృత్తులే: అవి అల్లుకుని వలగా ఏర్పడి పిండిని లోపల పట్టి ఉంచుతాయి.

డ్యూరం అంటే విదేశీ సరుకేనని చాలామంది అనుకుంటారు గానీ, మధ్యప్రదేశ్‌లోని మాళవ ప్రాంతంలో అది బాగా పండుతుంది. గుజరాత్‌లోని భాల్ ప్రాంతంలో పండే భాలియా గోధుమ కూడా డ్యూరం జాతిదే, దానికి 2011లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కాబట్టి దిగుమతి సరుకు కాదన్న ఒక్క కారణంతో ప్యాకెట్‌ను పక్కన పెట్టనక్కరలేదు. నేను ఎక్కువగా వండినదీ దేశీ ప్యాకెట్టే.

రెండు రకాలనూ పచ్చిగా పక్కపక్కన పోసి చూస్తేనే సగం సంగతి తెలుస్తుంది. డ్యూరం పెన్నే తేనెరంగు కలిసిన పసుపులో, వెలుతురుకు పట్టి చూస్తే కొంచెం పారదర్శకంగా ఉంటుంది. వేళ్లతో విరిస్తే టక్కున విరిగి, విరిగిన చోట గాజుముక్కలా నున్నగా మెరుస్తుంది. పొట్లంలోని మాకరోనీ పాలిపోయిన తెలుపు. దాని మీద అక్కడక్కడ తెల్లని చుక్కలు, వెంట్రుకంత సన్నని చీలికలు ఉన్నాయి, పొట్లం అడుగున పిండి రాలి ఉంది. తయారీలో తొందరపడి మరీ వేగంగా ఆరబెట్టినప్పుడు ఇలాంటి చీలికలు వస్తాయి, ఉడికేటప్పుడు గొట్టం సరిగ్గా అక్కడే నెర్రె విచ్చుతుంది. డ్యూరం ప్యాకెట్లలో కూడా కొన్ని మరీ నున్నగా మెరుస్తాయి, కొన్ని కాస్త గరుకుగా, పిండి అద్దినట్టు ఉంటాయి. ఇత్తడి లేదా కంచు అచ్చులోంచి వత్తిన పాస్తాకు గరుకుదనం ఉంటుంది, దానికే రసం బాగా పట్టుకుంటుంది. మా ఊళ్లో ఎంచుకునే వీలుంటే గరుకుదే తీసుకోమంటాను.

వండిన పద్ధతి చెప్పకపోతే తీర్పుకు విలువ ఉండదు. నలుగురికి 250 గ్రాముల పెన్నే, 400 గ్రాముల ఎముక తీసిన కోడి తొడమాంసం, రెండు ఉల్లిపాయలు, మూడు పండిన టమాటాలు, చెంచాడు అల్లం వెల్లుల్లి ముద్ద, రెండు పచ్చిమిరపకాయలు, అర చెంచా మిరియాల పొడి, 700 మిల్లీలీటర్ల వేడినీళ్లు, చివర్లో ఒక చిన్న గ్లాసు చిక్కని పాలు. మందపాటి అడుగున్న వెడల్పు గిన్నెలో నూనె కాగాక, అంగుళం ముక్కలుగా కోసి ఉప్పు, మిరియాలు పట్టించిన మాంసాన్ని కదపకుండా పరిచి, ఒకవైపు ఎర్రబడ్డాక తిప్పి తీసి పక్కన పెట్టాలి. గిన్నె అడుగున అంటుకున్న గోధుమరంగు చారికలను కడిగేయకూడదు, రుచంతా వాటిలోనే ఉంది. ఆ నూనెలోనే ఉల్లి, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి వేగాక టమాటా వేసి మగ్గనిచ్చి, వేడినీళ్లు పోసి, గరిటెతో అడుగు గీకి, తెర్లగానే పాస్తానూ మాంసాన్నీ కలిపి వెయ్యాలి. మూత సగం తెరిచి, మధ్యస్థపు మంట మీద రెండు నిమిషాలకొకసారి కలుపుతూ ఉంటే పన్నెండు నుంచి పధ్నాలుగు నిమిషాల్లో పని అయిపోతుంది. ప్యాకెట్ మీద రాసే పది పదకొండు నిమిషాలు పుష్కలమైన నీళ్లలో మరిగించేవాళ్ల కోసం. ఇక్కడ నీరు తక్కువ, పైగా టమాటా పులుపు ఉంది కాబట్టి రెండు మూడు నిమిషాలు ఎక్కువే పడుతుంది. ప్యాకెట్ వెనక వంట విధానం రాసే కంపెనీలు ఈ ఒక్క వాక్యం కూడా రాసి ఉంటే బాగుండేది.

నీటి లెక్కే ఈ వంటకు ప్రాణం. వార్చే పద్ధతిలో నూరు గ్రాముల పాస్తాకు లీటరు నీళ్లు పెట్టమంటారు. ఇక్కడ 250 గ్రాములకు కలిపి ముప్పాతిక లీటరు కంటే తక్కువే. ఉడికిన పాస్తా బరువు ఎండుదానికి రెండింతలకు కొంచెం పైన తూగుతుంది, అంటే పోసిన నీటిలో ఇంచుమించు సగం గొట్టాల్లోకే పోతుంది. మిగిలినదానిలో కొంత ఆవిరవుతుంది, కొంత పాస్తా వదిలిన పిండితో కలిసి రసంగా మారుతుంది. మీగడా, మొక్కజొన్న పిండీ ఏవీ కలపకుండానే ఆ రసం గరిటె వీపుకు పలుచని పొరగా పట్టి, వేలితో గీత గీస్తే ఆ గీత నిలబడాలి. డ్యూరం పెన్నేతో ప్రతిసారీ నిలబడింది. పొట్లంలోని మాకరోనీతో అదే కొలత, అదే మంట పెడితే, ఎనిమిదో నిమిషానికి గొట్టాల అంచులు కరిగి, పదో నిమిషానికి నెర్రెలు విచ్చి, గిన్నె దించేసరికి రసం గంజికీ జిగురుకూ మధ్యస్థంగా తయారైంది. మాంసం ముక్కలు మాత్రం ఇంకా రెండు నిమిషాలు అడుగుతున్నాయి. వార్చి తాలింపు పెట్టుకుంటే ఆ మాకరోనీకి వంక లేదు, సాయంత్రం పిల్లలకు టిఫిన్‌గా బాగానే ఉంటుంది. ఒకే గిన్నె వంటకు మాత్రం అది పనికిరాదు. ధర తేడాకు జవాబు ఇక్కడే దొరికింది.

ఉప్పు విషయంలో ఒక జాగ్రత్త అవసరం. వార్చేటప్పుడు నీళ్లలో దండిగా వేసే ఉప్పులో చాలా భాగం గంజితో పోతుంది. ఇక్కడ వేసినదంతా మిగులుతుంది, పైగా నీరు ఇగిరేకొద్దీ ఘాటెక్కుతుంది. మాంసానికి పట్టించినదాంతో కలిపి మొత్తం ఒక సమమైన చెంచా చాలు, తక్కువైతే దించే ముందు సరిచూసుకోవచ్చు. కొన్ని ప్యాకెట్లతో ఉచితంగా వచ్చే మసాలా పొట్లంలో ఉప్పే ఎక్కువ, కాబట్టి దాన్ని నేను వాడలేదు. పాలు పొయ్యి కట్టేశాకే పోయాలి. టమాటా మరుగుతుండగా పోస్తే విరిగి తరకలు కడుతుంది. చీజు ఉంటే తురిమి వెయ్యవచ్చు, లేకపోయినా లోటు తెలియదు.

మాంసం గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మంచి పాస్తా కొని తప్పు మాంసం వేస్తే ప్రయోజనం ఉండదు. మా ఊరి చికెన్ దుకాణంలో ‘బోన్‌లెస్’ అని అడిగితే చేతికి వచ్చేది రొమ్ము మాంసమే. అది ఏడెనిమిది నిమిషాలకే ఉడికిపోయి, పాస్తా సిద్ధమయ్యేసరికి పీచులా ఎండిపోతుంది. తొడమాంసం అడిగి తీయించుకోవాలి; కొంచెం విసుక్కుంటూనైనా తీసి ఇస్తారు. అందులోని కొవ్వు, కండను పట్టి ఉంచే బంధకణజాలం పన్నెండు నిమిషాల ఉడుకును తట్టుకోవడమే కాదు, కరిగి రసానికి చిక్కదనాన్ని కూడా ఇస్తాయి. రొమ్ము మాంసమే దొరికిందంటే, ఎర్రగా వేయించి పక్కన పెట్టి, చివరి ఐదు నిమిషాల్లో కలపడం మేలు. వంట థర్మామీటర్ ఉన్నవాళ్లు ముక్క మధ్యలో 74 డిగ్రీల సెల్సియస్ చూసుకోవచ్చు. లేనివాళ్లు పెద్ద ముక్కను చీల్చి లోపల గులాబీరంగు లేదని నిర్ధారించుకోవాలి. కార్తీకంలో ఒడియా ఇళ్లలోనూ, వాళ్ల పక్కన ఇన్నేళ్లుగా ఉంటున్న మా తెలుగు ఇళ్లలో చాలావాటిలోనూ నీచు ముట్టరు, పున్నమి మరునాడు మళ్లీ నీచు తినే ఛాడఖాయి దాకా ఆగుతారు. ఆ నెలలో ఇదే వంటను వరిగడ్డి పుట్టగొడుగులతో చేశాను. పుట్టగొడుగులు తామే నీరు వదులుతాయి కాబట్టి నూరు మిల్లీలీటర్లు తగ్గించి పోయాలి. రుచి బాగుంది గానీ, మాంసం ఇచ్చే చిక్కదనం రాదు.

కుక్కర్‌లో పెట్టి ఒక విజిల్‌తో తేల్చేయవచ్చు కదా అని అడిగేవాళ్లకు చెప్పదలచినది ఒక్కటే: పాస్తా ఉడికేటప్పుడు నురగ కడుతుంది, ఆ నురగ వెయిట్ కింది రంధ్రంలో అడ్డుపడే ప్రమాదం ఉంది. కుక్కర్ గిన్నెను వాడుకోండి, దాని మూతను కాదు. అలాగే లోతైన, ఇరుకు గిన్నె కూడా ఈ వంటకు కుదరదు. పైన పాస్తా పచ్చిగానూ కింద మెత్తగానూ తయారవుతుంది.

తినేవాళ్ల సంగతి. పెన్నేను సగానికి కోసి చూస్తే మధ్యలో సూదిమొనంత తెల్లని చుక్క ఉండగానే దించమని పాస్తా వండేవాళ్లు చెబుతారు. ఆ పదును మా ఇంట్లో నెగ్గలేదు. మొదటి ముద్దకే మా అత్తగారు “లోపల ఉడకనేదేటమ్మా ఇది?” అన్నారు. మరో రెండు నిమిషాలు ఉంచి, ఆ చుక్క పూర్తిగా పోయాక దించితే ఆవిడ మరోసారి వడ్డించుకున్నారు. డ్యూరం ప్యాకెట్‌కు నేను ఎక్కువ మార్కులు వేసేది సరిగ్గా ఈ గుణానికే: పెద్దవాళ్ల కోసం రెండు నిమిషాలు అదనంగా ఉడికించినా గొట్టం గొట్టంగానే ఉంటుంది.

ఫిర్యాదులు లేకపోలేదు. నేను కొన్న ప్యాకెట్లలో మళ్లీ మూసుకునే ఏర్పాటు ఉన్నవి అరుదు. సగం వాడి రబ్బరు బ్యాండు వేసి పెడితే, మా వైపు వానాకాలపు తేమకు పురుగు పట్టడానికి ఎన్నాళ్లో పట్టదు, కాబట్టి తెరిచిన వెంటనే గాలి చొరని డబ్బాలో పోసుకోవాలి. ఒక ప్యాకెట్‌లో విరిగిన ముక్కలు పిడికెడు పైగా వచ్చాయి. దుకాణంలో ఎండ తగిలే అరలో ఉన్న పెట్టెను వదిలేసి వెనక ఉన్నదాన్ని అడగడం, తయారీ తేదీ చూడకుండా తీసుకోకపోవడం మంచిది.

అరకిలో ప్యాకెట్ నలుగురున్న ఇంటికి రెండు పూటలకు సరిపోతుంది. ఖర్చులో పెద్ద వాటా మాంసానిదే కాబట్టి, పాస్తా మీద పెట్టే అదనపు డబ్బు కంచానికి లెక్క వేస్తే చిల్లరలోకి వస్తుంది. ఒకే గిన్నెలో వండేవాళ్లకు డ్యూరం పెన్నేను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. వార్చుకుని పోపు పెట్టుకునేవాళ్లు పొట్లం మాకరోనీ కొనుక్కుంటే నష్టమేమీ లేదు. మిగిలిన పాస్తాను రెండు గంటలలోపే ఫ్రిజ్‌లో పెట్టాలి. మర్నాటికి రసమంతా పీల్చుకుని గట్టిపడుతుంది. పావు గ్లాసు నీళ్లు చిలకరించి, మూత పెట్టి, సన్నని మంట మీద పొగలు వచ్చేదాకా వేడి చేస్తే మళ్లీ వదులవుతుంది.