సాటిన్ లైనింగ్ ఉన్న చలి టోపీ: జడ వేసుకునేవాళ్ళు కొనొచ్చా?

చలి టోపీలు తయారు చేసేవాళ్ళ లెక్కలో తలంటే గుండ్రటి బంతి. జడ ఆ లెక్కలోకి రాదు. నడుం దాకా జడ ఉన్న మనిషి ఆ టోపీ పెట్టుకుంటే వెనక అంచు మెల్లగా పైకి ఎగబాకుతుంది, చెవులు సగం బయటపడతాయి, సాయంత్రం తీసేసరికి పాపిటకి రెండు పక్కలా పొట్టి వెంట్రుకలు దూదిపింజల్లా లేచి ఉంటాయి. దీనికి విరుగుడని ఇప్పుడు ఆన్‌లైన్‌లో మూడు రకాలు అమ్ముతున్నారు. లోపల సాటిన్ గుడ్డ వేసిన అల్లిక టోపీ ఒకటి, జడ బయటికి తీసుకోవడానికి పైన రంధ్రం ఉన్నది ఒకటి, చెవుల మీదుగా వచ్చే వెడల్పాటి పట్టీ ఒకటి. మొదటిది పెట్టిన డబ్బుకి న్యాయం చేస్తుంది. పట్టీ కొన్ని జడలకి దానికంటే బాగుంటుంది. రంధ్రం టోపీ మాత్రం మన జడలకి దాదాపు దండగ.

ముందు మామూలు టోపీతో వచ్చే చిక్కేమిటో తెలియాలి. చలికాలంలో హైదరాబాద్, విశాఖ లాంటి చోట్ల టిబెటన్లు పెట్టే స్వెటర్ల దుకాణాల్లో దొరికేది చాలావరకు లూథియానా సరుకు. చేత్తో పట్టుకుంటే ఉన్నిలాగే ఉన్నా ఎక్కువ భాగం అక్రిలిక్ అనే కృత్రిమ పోగు. వెచ్చదనానికి వంక పెట్టక్కర్లేదు, లంబసింగి తెల్లవారుజామునా ఆదిలాబాద్ చలికీ అది చాలు. కానీ పొడి గాలిలో అక్రిలిక్ జుట్టుకి రాసుకుంటే విద్యుత్తు పుడుతుంది. తీయగానే చిటపటమంటూ వెంట్రుకలు లేచేది అందుకే. చికాగోలోనో టొరంటోలోనో హీటర్ నడిచే ఇంట్లో గాలి మరీ పొడిబారుతుంది కాబట్టి అక్కడ ఈ బెడద రెట్టింపు. అసలు ఉన్నిదైతే ఈ బాధ తక్కువే కానీ ఇంకొకటుంది. ఉన్ని పోగు మీద చేప పొలుసుల్లాంటి పొర ఉంటుంది, వెంట్రుక మీదా ఉంటుంది, రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. జడ పాయల్లోంచి ఒక్కో వెంట్రుకా బయటికి వచ్చేది ఆ పట్టు వల్లే.

లైనింగ్ ఈ రాపిడిని ఆపుతుంది. అమెరికాలో నల్లజాతి స్త్రీలు జడలు చెదరకుండా, జుట్టు పొడిబారకుండా రాత్రి సాటిన్ బోనెట్ (జుట్టంతా కప్పే వదులు టోపీ) పెట్టుకోవడం ఎప్పటినుంచో ఉన్న అలవాటు. ఈ టోపీల వెనకున్న ఆలోచన అదే. ఒక్క మాట గుర్తుంచుకోవాలి: సాటిన్ అనేది నేత పేరు, పోగు పేరు కాదు. లేబుల్ మీద సాటిన్ అని మాత్రమే ఉంటే అది పాలిస్టర్ అనుకోవడమే మేలు. జారుడు బాగానే ఉంటుంది కానీ స్టాటిక్, అంటే ఆ చిటపట విద్యుత్తు, పూర్తిగా పోదు. పట్టు లైనింగ్ ఈ విషయంలో మెరుగు, ధరా అందుకు తగ్గట్టే ఉంటుంది.

కొనేటప్పుడు పైన రంగు, పాంపాం చూడకండి, టోపీని తిరగేసి చూడండి. లైనింగ్ అంచు దాకా ఉందా, రెండంగుళాల ముందే ఆగిపోయిందా? చాలా టోపీల్లో ఆగిపోతుంది. నుదురు, చెంపలు, మెడ దగ్గర పొట్టి వెంట్రుకలు ఉండేది సరిగ్గా ఆ రెండంగుళాల్లోనే. తర్వాత అంచుని రెండు చేతులతో లాగి చూడాలి. అల్లిక సాగుతుంది, నేసిన గుడ్డ సాగదు. లైనింగ్ బిగుతుగా కత్తిరించి ఉంటే దారాలు పటపటమంటాయి, టోపీ ఆ చుట్టుకొలత దాటి ఒక్క సెంటీమీటర్ కూడా రాదు. ఆడవాళ్ళ తల చుట్టుకొలత సాధారణంగా 54 నుంచి 57 సెం.మీ. తల వెంట అల్లిన జడలుంటే ఇంకో 2, 3 సెం.మీ. కలుస్తుంది. అందుకే జడ వేసుకున్నాకే టేపుతో కొలవాలి, ఉత్త తలకి కొలిచి ఆర్డరిస్తే నుదుటి మీద గీత పడుతుంది. లోతు 22 సెం.మీ. దాకా ఉండాలి, 18 ఉన్నవి చెవుల్ని పూర్తిగా కప్పవు. ఆఖరుగా లోపల నడినెత్తిన వేలు పెట్టండి. లైనింగ్ కుచ్చులన్నీ ఒకచోటికి లాగి ముడేసి ఉంటే ఆ ముద్ద పాపిట మీద గుచ్చుకుంటుంది. నాలుగు కళీలుగా (ముక్కోణపు ముక్కలుగా) కత్తిరించి కుట్టినదైతే చదునుగా కూర్చుంటుంది.

మంచి లైనింగ్ ఉన్నా జడ సరైనది కాకపోతే టోపీ నిలవదు. టోపీ కిందకి అన్నిటికంటే బాగా కుదిరేది రెండు ఫ్రెంచ్ జడలు, అంటే నుదుటి నుంచే తల వెంట జుట్టు కలుపుతూ అల్లేవి. ఇందులో పక్క పాయ నడిమి పాయ పైనుంచి వస్తుంది కాబట్టి అల్లిక తలకి అతుక్కుని చదునుగా ఉంటుంది. డచ్ జడలో పాయ కిందనుంచి వెళ్తుంది, అల్లిక తాడులా ఉబ్బి పైకి కనిపిస్తుంది. ఫొటోల్లో అందం దీనిదే. టోపీ కింద గంట ఉంటే ఆ ఉబ్బు కాస్తా అణిగి వంకరపోతుంది. డచ్ వేసుకున్న రోజు పట్టీ పెట్టుకోవాలి, టోపీ కాదు.

ఫ్రెంచ్ జడలకి నుదుటి నుంచి మెడ దాకా నిలువు పాపిట తీసి, నుదుటి అంచు నుంచే రెండు వేళ్ళ వెడల్పు జుట్టు తీసుకుని మూడు పాయలు చేయాలి. కాస్త వెనక నుంచి మొదలుపెడితే ముందరి పొట్టి వెంట్రుకలన్నీ బయటే ఉండిపోతాయి. ఆ తర్వాత ప్రతి మలుపులోనూ పెన్సిలంత లావు జుట్టు కలుపుతూ పోవాలి. చేతులు తలని ఆనుకునే ఉండాలి. అలిసిపోయి చేతులు వెనక్కి జరిగితే అక్కడ అల్లిక వదులై బుడిపె వస్తుంది, టోపీ అంచు సరిగ్గా దాని మీదే ఒత్తుతుంది. ఇంకో పొరపాటు అందరూ చేసేదే: మెడ దగ్గరికి రాగానే తల ముందుకి వంచేస్తారు. వంచి అల్లిన జడ తల ఎత్తగానే ఉయ్యాలలా వేలాడుతుంది. తల నిటారుగా ఉంచే అల్లాలి. మెడ దాటాక మామూలు మూడు పాయల జడే. చివర వట్టి రబ్బరు బ్యాండు కాకుండా గుడ్డ చుట్టినది వేస్తే తీసేటప్పుడు జుట్టు తెగదు. బిగుతు ఎంతంటే, కనుబొమలు ఎత్తినప్పుడు నుదుటి అంచున లాగినట్టు అనిపించకూడదు. లాగుతుంటే అప్పటికే ఎక్కువైనట్టు, పైన టోపీ ఒత్తిడి కూడా తోడైతే కుదుళ్ళు దెబ్బతింటాయి. రోజూ ఇలా లాగి వేస్తే చెంపల దగ్గర జుట్టు పలచబడుతుంది.

మెడ మీద జడముడి కావాలంటే ఎత్తు చూసుకోవాలి. తల వెనక ఎముక ఉబ్బుగా తగిలే చోటుకి కిందగా టోపీ అంచు వస్తుంది. ముడి ఆ అంచుకీ కిందుండాలి, అంటే చెవి తమ్మెల ఎత్తులో. పైన పెడితే టోపీ నిమిషానికోసారి పైకి జారుతుంది. చామంతులు పెట్టుకోవాలన్నా అక్కడే, అంచు కిందే.

చెవుల పట్టీకి కిరీటం జడ జోడు. రెండు చెవుల వెనకనుంచి రెండు జడలు అల్లి, తల మీదుగా ఒకదాని పక్కన ఒకటి అడ్డంగా తీసుకెళ్ళి, కొసల్ని ఎదుటి జడ కింద దోపి పిన్ను పెట్టాలి. ఇందుకు జుట్టు కనీసం ఛాతీ దాకా ఉండాలి. పట్టీ నుదుటి దగ్గర సన్నగా, చెవుల మీద 9, 10 సెం.మీ. వెడల్పు ఉన్నదైతే జడకీ దానికీ మధ్య వేలెడు చోటు మిగులుతుంది. రెండూ కనిపిస్తాయి, రెండూ నలగవు. అందానికి 5కి 5. వెచ్చదనానికి 3 మాత్రమే, ఎందుకంటే నడినెత్తీ మెడా బయటే. ఒంట్లో వేడి సగం తల నుంచే పోతుందనే మాట మాత్రం పట్టించుకోకండి. తల మొత్తం ఒంటి ఉపరితలంలో పదో వంతుకి మించదు, పోయే వేడీ ఇంచుమించు ఆ లెక్కనే. మన దగ్గరి చలికి పట్టీ సరిపోతుంది, మంచు గాలికి చాలదు.

మెడకి మఫ్లర్ చుట్టుకుంటే జడని దాని కింద ఉంచకూడదు. మఫ్లర్ కింద రోజంతా నలిగిన జడ మెడ దగ్గర ముద్దకట్టి, దువ్వెన దిగనంత చిక్కు పడుతుంది. ముందు మఫ్లర్, దాని మీద జడ.

రంధ్రం టోపీ పోనీటెయిల్ కోసం పుట్టింది. జడ నడినెత్తిన మొదలైతేనే దానికి అర్థం. మనం వేసుకునే జడ మెడ దగ్గర మొదలవుతుంది, ఏ టోపీకైనా అది ఎలాగూ కిందనుంచి బయటికే వస్తుంది. పోనీ, ఎత్తుగా పోనీటెయిల్ కట్టి జడ అల్లినా, ఒత్తు జుట్టు ఆ రంధ్రంలో తేలిగ్గా పట్టదు. పట్టించాలంటే టోపీని తలకి తొడిగి జడ లాగకూడదు. ముందు జడ కొసని రంధ్రంలోంచి తీసి, టోపీని జడ వెంబడి పైకి నెట్టుకుంటూ తలకి చేర్చాలి. సవరం పెట్టుకున్నవాళ్ళు ఆ ప్రయత్నమే వద్దు, సవరం ఊడి చేతికొస్తుంది. పైగా రంధ్రంలోంచి గాలి దూరుతుంది. 5కి 1.5.

స్కూటీ మీద వెళ్ళేవాళ్ళు హెల్మెట్ కింద అల్లిక టోపీ వేసుకోకూడదు. హెల్మెట్ తలకి సరిగ్గా కూర్చోదు, ప్రమాదంలో ఊడిపోవచ్చు. అక్కడ పల్చటి సాటిన్ లోటోపీ చాలు. జడ కిందగా ఒక్కటే వేసుకుని కోటులోకి దోపుకోవాలి. నడినెత్తిన క్లిప్పులు, పిన్నులు వద్దే వద్దు.

కొత్తది కొనక్కర్లేకుండా ఉన్న టోపీకే లైనింగ్ వేసుకోవడం ఇంకా మేలు. పాత పట్టు చీర కొంగు పక్కన, జరీ లేని చోట ముక్క చాలు (జరీ గుచ్చుకుంటుంది, అల్లికని పట్టి లాగుతుంది). ముక్కని జాకెట్టుకి తీసినట్టు క్రాస్ కటింగ్‌లో (ఏటవాలుగా) తీయాలి, అప్పుడే కాస్త సాగుతుంది. 62 సెం.మీ. పొడవు, టోపీ లోతుకి 2 సెం.మీ. ఎక్కువ ఎత్తు. పైభాగం నాలుగు కళీలుగా కోసి కలిపాక టోపీలో తిరగేసి పెట్టి, అంచుకి అరంగుళం లోపల చేతికుట్టు వేయాలి. మిషను కుట్టు వేస్తే అంచు సాగదు. చేతికుట్టైనా దారం బిగించకుండా వదులుగా పోనివ్వాలి, ప్రతి పది కుట్లకీ టోపీని ఒకసారి లాగి చూసుకోవాలి.

పిల్లలకి బడికి మడిచి రిబ్బను కట్టే రెండు జడలు టోపీలో ఇమడవు, చెవుల దగ్గర ఉండలా పొడుచుకొస్తాయి. ఈ రెండు నెలలూ మడవకుండా కొసకే రిబ్బను కట్టడం నయం.

చలికాలపు జడకి రంగు కావాలంటే సవరం కంటే ఉన్ని దారం మంచిది, బరువుండదు. జుట్టు 70 సెం.మీ. ఉంటే 2 మీటర్ల దారం తీసుకుని సగానికి మడవాలి. మడత ఉన్న చోట చిన్న పిన్నుతో మెడ దగ్గర, నడిమి పాయ కింద దాచాలి. రెండు కొసలూ రెండు పక్క పాయలతో కలిపి అల్లుకుంటూ పోతే చివర బెత్తెడు పైనే మిగులుతుంది, దాంతోనే జడ కట్టేయొచ్చు. దారాన్ని జుట్టు కంటే బిగుతుగా లాగితే జడ ముడుచుకుని పాములా మెలికలు తిరుగుతుంది. వదులుగా ఉంటే దారం ఉచ్చుల్లా బయటికొస్తుంది. పాయతో పాటు ఒకే పట్టున నడవాలి.

టోపీ ఏదైనా తడి తల మీద వద్దు. తడి వెంట్రుక ఇట్టే సాగుతుంది, తెగుతుంది. తడి జడలో పైపాయలు ఆరినా లోపల చెమ్మ మిగిలి, టోపీ కింద వాసనా దురదా మొదలవుతాయి. కుంకుడుకాయతో తలంటుకున్న రోజు ఒత్తు జుట్టు పూర్తిగా ఆరడానికి పూటంతా పడుతుంది, ఆ పని సాయంత్రం పెట్టుకోకూడదు. కొబ్బరి నూనె 24 డిగ్రీల కంటే చల్లబడితే గడ్డకడుతుంది. వెచ్చబెట్టి రాసినా బయట చలిలోకి వెళ్ళగానే మైనంలా పేరుకుని లైనింగ్‌కి అంటుకుంటుంది. ఈ కాలానికి నువ్వుల నూనో బాదం నూనో నయం, అదీ అర చెంచా, కొసలకే. నూనె పట్టిన సాటిన్ జారదు, దుమ్ము పట్టి గరుకవుతుంది. కాబట్టి పది పన్నెండు రోజులకోసారి గోరువెచ్చటి నీళ్ళలో ఒక చెంచా షాంపూ కలిపి, టోపీని లోపలివైపు బయటికి తిప్పి ఉతకాలి. పిండొద్దు, తువ్వాలులో చుట్టి ఒత్తండి. ఆరబెట్టేటప్పుడు చదునుగా పరచాలి, తాడు మీద వేలాడదీస్తే అల్లిక సాగిపోతుంది, లైనింగ్ సాగదు. ఆ తర్వాత పెట్టుకుంటే రెండూ తలా ఒక దారి.