స్టార్ బోర్డు రివ్యూ: పళ్ళు తోమించడానికి సరే, నిజం చెప్పించడానికి కాదు

బెంగళూరులో వైట్‌ఫీల్డ్, మారతహళ్ళి వైపు తెలుగువాళ్ళ ఇళ్ళలో ఫ్రిజ్ తలుపు మీద కనిపించే మాగ్నెట్ బోర్డు ఇది. ఎడమవైపు పనుల పట్టీలు, పైన వారాలు, పిల్లలు పని చేస్తే పెట్టడానికి పసుపు స్టార్లు, తప్పు చేస్తే పెట్టడానికి ఎర్ర ముఖాలు. పట్టీలన్నీ ఇంగ్లీషే, తెలుగులో రాసుకోవడానికి ఖాళీవి రెండే. పట్టు బాగానే ఉంది గానీ గాజు తలుపు ఫ్రిజ్‌కి అతుక్కోదు. నోట్లో అన్నీ పెట్టుకునే పసివాళ్ళున్న ఇంట్లో అసలొద్దు. రెండు మాగ్నెట్లు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి లాక్కుని పేగుకే చిల్లు పడొచ్చు.

అసలు పేచీ పట్టీలతోనే. 'పళ్ళు తోముకున్నాను', 'బూట్లు స్టాండులో పెట్టాను' పక్కనే 'ఎవర్నీ కొట్టలేదు', 'నిజం చెప్పాను'. అన్నిటికీ అదే స్టారు. పిల్లలు మాత్రం వీటిని ఒకే గాటన కట్టరు. నాలుగైదేళ్ళ పిల్లని అడిగి చూడండి: "మేడమ్ సరేనంటే యూనిఫామ్ లేకుండా వెళ్ళొచ్చా?" వెళ్ళొచ్చంటుంది. "మేడమ్ సరేనంటే పక్కవాణ్ణి కొట్టొచ్చా?" ఊహూఁ, వాడికి నొప్పెడుతుంది. మనస్తత్వవేత్త ఎలియట్ టురియెల్, ఆయన దారిలో పనిచేసినవాళ్ళు ఇలాంటి ప్రశ్నలతోనే ఈ తేడా బయటపెట్టారు. పిల్లలకు తెలిసిన తేడాను బోర్డు చెరిపేస్తోంది.

సాయానికి స్టారివ్వడం ఇంకా ఇబ్బంది. మనస్తత్వవేత్తలు ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమసెల్లో 2008లో 20 నెలల పిల్లలతో చేసిన ప్రయోగంలో, సాయం చేసినందుకు వస్తువు అందుకున్న పిల్లలు తర్వాత ఏమీ ఇవ్వనప్పుడు వెనక్కి తగ్గారు. మెచ్చుకోలు మాత్రమే దక్కినవాళ్ళు, ఏమీ దక్కనివాళ్ళు వాళ్ళకన్నా ఎక్కువ సాయం చేశారు.

ఎర్ర ముఖాలైతే పెట్టెలోంచి తియ్యకండి. కాలు తగిలి పాలగ్లాసు ఒలికినా, కోపంతో విసిరికొట్టినా అదే ఎర్ర ముఖం. చిన్నపిల్లలు ఎలాగూ ఉద్దేశం కన్నా నష్టం ఎంతన్నదే చూస్తారని స్విస్ మనస్తత్వవేత్త పియాజే 1932లోనే రాశాడు. ఆయన చెప్పిన కథల్లో పొరపాటున 15 కప్పులు పగలగొట్టినవాడే, దొంగతనంగా జామ్ తియ్యబోయి ఒక్కటి పగలగొట్టినవాడికన్నా చెడ్డవాడన్నారు ఆ పిల్లలు. ఉద్దేశం విడమరిచి చెబితే ఇంకా చిన్నవాళ్ళకూ అర్థమవుతుందని తర్వాతి పరిశోధనలు చూపించాయి. అలా చెప్పే వీలు ఎర్ర ముఖానికి లేదు. పైగా అది పడుతుందని తెలిశాక పిల్లాడు గ్లాసు ముక్కలు సోఫా కిందకి తోసేస్తాడు. అమ్మమ్మల 'కళ్ళు పోతాయి' బెదిరింపుకీ దీనికీ పెద్ద తేడా లేదు.

కొనేశారా, అయితే ఇలా వాడండి. అలవాట్ల పట్టీలు మూడే పెట్టండి: పళ్ళు, బూట్లు, బ్యాగు. రెండు మూడు వారాల్లో పని గాడిన పడగానే ఆ పట్టీ తీసెయ్యండి. స్టార్లు లెక్కపెట్టి చాక్లెట్లివ్వొద్దు. కొట్టడం, లాక్కోవడం, అబద్ధం బోర్డు దాకా రానివ్వకండి. పిల్లాడు చెల్లిని తోసేస్తే, ముందు చెల్లిని ఎత్తుకోండి. వాడి ఏడుపు తగ్గాక కిందకి కూర్చుని, "చూడు నాన్నా, చెల్లి మోచెయ్యి గీసుకుపోయింది, మండుతోంది. ఇప్పుడేం చేద్దాం?" అనండి. తడిగుడ్డ వాడి చేతే తెప్పించండి. బలవంతపు సారీ కన్నా అది నయం.

పెట్టె మీద 3 నుంచి 10 ఏళ్ళని వేశారు. మా లెక్కలో 4 నుంచి 6. ఎనిమిదేళ్ళవాడు స్టార్ల కోసం బేరానికి దిగుతాడు. వాడికి బోర్డు కన్నా, ఇంటి రూల్ ఎందుకుందో అడిగే హక్కిస్తేనే మేలు. అలవాట్ల వరకు 5కి 3, నీతి నేర్పే సరుకుగా 1.