కాంపాక్ట్ కెమెరాకు క్లోజప్ లెన్సుల సెట్టు కొనబోతున్నారా? నాకేమైందో చదివి అప్పుడు కొనండి

ముందే చెప్పేస్తాను, నా కెమెరా పాడైంది. +1, +2, +4, +10 అని నాలుగు క్లోజప్ లెన్సులు (చిన్నవాటిని దగ్గర్నుంచి పెద్దగా తీయడానికి కెమెరా లెన్సు ముందు తగిలించేవి), వాటిని తగిలించడానికి అతికించుకునే రింగు ఒకటి, చిన్న సంచీ, తుడుచుకునే గుడ్డ. ఆన్‌లైన్‌లో నేను తెప్పించుకున్న సెట్టు ఇదీ. అమ్మినవాళ్ళ పేరు రాయను. ఇదే సెట్టును పదిమంది పది పేర్లతో అమ్ముతున్నారు, ఒక్కరి పేరు రాస్తే మిగతా తొమ్మిదిమందీ మంచివాళ్ళనుకుంటారు.

పెట్టె మీద "10ఎక్స్ మాక్రో, హై డెఫినిషన్, అన్ని డిజిటల్ కెమెరాలకూ సరిపోతుంది" అని ఉంది. మాక్రో అంటే బాగా దగ్గర్నుంచి పెద్దగా తీయడం. మొదటి మాట తప్పు, రెండో మాటకు అర్థం లేదు, మూడోది నా కొంప ముంచింది. కాబట్టి మూడోదాని నుంచే మొదలుపెడతాను.

పెద్ద కెమెరాల లెన్సు ముందు ఫిల్టర్ బిగించుకునే మరలు ఉంటాయి. చాలా కాంపాక్ట్ కెమెరాలకు అవి ఉండవు. అందుకే సెట్టుతోపాటు ఒక లోహపు రింగు ఇస్తారు. దాని వెనక జిగురు పట్టీ ఉంటుంది. లెన్సు గొట్టం ముందంచుకు దాన్ని అతికించి, రింగుకు క్లోజప్ లెన్సు బిగించుకోవాలి. వినడానికి బాగానే ఉంది. కానీ కాంపాక్ట్ కెమెరా లెన్సు నిలకడగా ఉండేది కాదు. ఆన్ చేస్తే బయటికొస్తుంది, ఆఫ్ చేస్తే లోపలికి పోతుంది. దాన్ని నడిపేది ఒక బుల్లి మోటారు, సన్నటి పళ్ళచక్రాలు. తన బరువు తను మోయడానికి తప్ప ఇంకో బరువు మోయడానికి చేసినవి కావవి.

నాకు జరిగింది ఇది. ఒక తూనీగ అదే కొమ్మ మీదికి మళ్ళీ మళ్ళీ వచ్చి వాలుతోంది. అది కుదురుగా కూర్చునేదాకా కెమెరా పట్టుకుని కదలకుండా నిలబడ్డాను. కాసేపు ఏ బటనూ నొక్కకపోయేసరికి కెమెరా తనంతట తానే ఆఫ్ అవుతూ లెన్సును లోపలికి లాక్కుంది. రింగు గొట్టం కన్నా వెడల్పు కదా, అది కెమెరా ఒంటికి తట్టుకుని ఆగిపోయింది. లోపల మోటారు మాత్రం లాగుతూనే ఉంది. కరకరమని చప్పుడు, ఆ తర్వాత తెర మీద లెన్స్ ఎర్రర్. బాగుచేసేవాళ్ళు విప్పి చూసి పళ్ళచక్రం అరిగిందన్నారు. చెప్పిన ఖర్చు విన్నాక కెమెరాను తిరిగి సంచీలో పెట్టుకుని వచ్చేశాను.

ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. తీసిన ఫొటోలు చూసుకోవడానికి ప్లే బటన్ నొక్కినా, ఒక నిమిషం పోయాక లెన్సు లోపలికి వెళ్ళిపోయే కెమెరాలు చాలా ఉన్నాయి. కాబట్టి రింగు ఇప్పటికే అతికించుకున్నవాళ్ళు ఇవాళే మెనూలోకి వెళ్ళి ఆటో పవర్ ఆఫ్ తీసేయండి. ఫొటోలు చూసుకునే ముందు క్లోజప్ లెన్సు విప్పండి. జిగురు బయటికి పొంగి, లెన్సుకు అడ్డంగా మూసుకునే సన్నటి రేకులకు అంటుకుంటే అదో తలనొప్పి.

అమ్మినవాళ్ళకు రాస్తే వచ్చిన జవాబు: "లెన్సుల్లో లోపం ఉంటే మార్చి ఇస్తాం. కెమెరా మా బాధ్యత కాదు." మరి అన్ని కెమెరాలకూ సరిపోతుందని రాశారు కదా అంటే, సరిపోతుంది అంటే తగిలించవచ్చు అని అర్థమట!

ఇక ఆ 10ఎక్స్ సంగతి. క్లోజప్ లెన్సు మీద ఉండే అంకె డయాప్టర్ లెక్క, అంటే మన కళ్ళజోడు పవరే. చత్వారం వచ్చినవాళ్ళు దగ్గరున్న అక్షరాలు కనబడక +2 అద్దాలు పెట్టుకుంటారు చూడండి, కెమెరాకూ అదే వైద్యం. +10 అంటే పదింతలు పెద్దగా కనబడడం కాదు. వెయ్యిని ఆ అంకెతో భాగిస్తే లెన్సు ఫోకల్ లెంగ్త్ (అంటే దూరపు దృశ్యం లెన్సు వెనక ఎంత దూరంలో స్పష్టంగా పడుతుందో ఆ కొలత) మిల్లీమీటర్లలో వస్తుంది. +2 కి 500, +4 కి 250, +10 కి 100. కెమెరా ఫోకస్ ఇన్ఫినిటీ మీద, అంటే బాగా దూరపు వాటి మీద ఉన్నప్పుడు ఆ లెన్సు ముందు సరిగ్గా అంత దూరంలో ఉన్న వస్తువు స్పష్టంగా పడుతుంది.

ఎంత పెద్దగా పడుతుందన్నది మీ కెమెరా అసలు ఫోకల్ లెంగ్త్ మీద ఆధారపడి ఉంటుంది. దాన్ని క్లోజప్ లెన్సు ఫోకల్ లెంగ్త్‌తో భాగించాలి. నా కెమెరా లెన్సు చుట్టూ 4.3–43 మి.మీ. అని రాసి ఉంది. పూర్తిగా జూమ్ చేసి +4 పెడితే 43ని 250తో భాగించాలి, 0.17 వస్తుంది. సెన్సర్ (లోపల బొమ్మ పడే చిప్పు) 1/2.3 అంగుళాల రకం, దాని వెడల్పు సుమారు 6.2 మి.మీ. దాన్ని ఆ 0.17తో భాగిస్తే, ఫ్రేములో పట్టేది సుమారు 36 మి.మీ. వెడల్పు. +10 పెడితే 14 మి.మీ. దాటి కొంచెం. చీమ ముఖం ఫ్రేము నిండా రాదు, చీమ వస్తుంది.

ఇక్కడ నా తెలివి కూడా కొంత ఉంది. ప్రకటనల్లో జూమ్‌ను 24–240 అని రాస్తారు, అది 35 మి.మీ. ఫిల్ముతో పోల్చి చెప్పే అంకె. నేను కొనేముందు ఆ 240 తీసుకుని, సెన్సర్ వెడల్పు మాత్రం అసలు 6.2 పెట్టి లెక్కేసుకున్నాను. +4 తోనే ఆరున్నర మిల్లీమీటర్లు ఫ్రేము నిండిపోతుందని వచ్చింది. అబ్బో అనుకుని ఆర్డర్ పెట్టేశాను. 240 వాడితే సెన్సర్ వెడల్పు కూడా ఆ ఫిల్ము ఫ్రేము వెడల్పే, అంటే 36 అనుకోవాలి. ఒక అంకె ఇక్కడిదీ ఇంకోటి అక్కడిదీ కలపకండి.

జూమ్ చేయకుండా వాడితే ఈ లెన్సుల వల్ల దాదాపు లాభం లేదు. అక్కడ కెమెరాకు సొంత మాక్రో ఉండనే ఉంది, అది కొన్ని సెంటీమీటర్ల దాకా వెళ్తుంది. పైగా కొన్నిటిలో రింగు నీడ నాలుగు మూలలా నల్లగా పడుతుంది. క్లోజప్ లెన్సుతో నిజంగా వచ్చే లాభం దూరం. సొంత మాక్రోతో లెన్సును పురుగు నెత్తిన పెట్టాలి, దాని మీద మన నీడే పడుతుంది, అది ఎగిరిపోతుంది. జూమ్‌కు +4 తోడైతే 25 సెం.మీ. దూరంలో నిలబడి తీయవచ్చు. పెద్ద కెమెరాలకూ వాటి లెన్సుకూ మధ్య పెట్టే ఎక్స్‌టెన్షన్ ట్యూబులు వెలుతురు తగ్గిస్తాయి, ఇది తగ్గించదు. ఈ పద్ధతి మంచిదే. నాకు అమ్మిన సెట్టు మంచిది కాదు, అంతే తేడా.

"ఫోకస్ పడటం లేదు, లెన్సు చెడిపోయిందా?" అని అడిగేవాళ్ళు చాలామంది కనిపిస్తారు. లెన్సు చెడలేదు, దూరం కుదరలేదు. పూర్తి జూమ్‌లో మీ కెమెరా కనీస దూరం ఒక మీటరు అనుకుందాం. +4 పెట్టాక 25 నుంచి 20 సెం.మీ. మధ్య ఉన్నదే దానికి కనబడుతుంది. ఆ ఐదు సెంటీమీటర్ల అవతలా ఇవతలా అంతా మసకే. +10 పెడితే 10 నుంచి 9.1 సెం.మీ., అంటే ఒక్క సెంటీమీటరు కూడా లేదు. బటన్ సగం నొక్కి ఎదురుచూస్తే ఎర్ర డబ్బా తప్ప ఏమీ రాదు. ఒళ్ళంతా నెమ్మదిగా ముందుకూ వెనక్కీ ఊపుతూ స్పష్టత వచ్చిన క్షణంలో నొక్కాలి. చేయి తిరగడానికి కాస్త టైమ్ పడుతుంది.

నాణ్యత గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. కెమెరా పోకముందు ఒక అచ్చు కాగితాన్ని గోడకు అతికించి నాలుగు లెన్సులతోనూ ఫొటోలు తీశాను. ఈ పరీక్షకు మన తెలుగు అచ్చు భలే పనికొస్తుంది, ఒత్తులూ తలకట్లూ చిన్నవి కదా, లోపం వెంటనే బయటపడుతుంది. +1, +2 లతో మూలల్లో కూడా ఒత్తులు చదవగలిగాను. +4 తో మధ్యలో బాగుంది, అంచుల్లో మెత్తబడింది. +10 తో మధ్యలో ఒక వృత్తం తప్ప మిగిలినదంతా నీళ్ళలో తడిసిన కాగితంలా ఉంది, ప్రతి గీతకూ ఊదా రంగు అంచు. ఆ ఊదా రంగును సాఫ్ట్‌వేర్‌తో కొంత తీయవచ్చు, అలికిపోయిన ఒత్తును మాత్రం తిరిగి తెప్పించలేం. ఒకే గాజు ముక్కతో చేసిన లెన్సు రంగులన్నిటినీ ఒకేచోట కలపలేదు, పవర్ పెరిగేకొద్దీ అది ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. నాలుగూ ఒకదాని మీద ఒకటి బిగిస్తే +17 అవుతుందని పెట్టె మీద గొప్పగా రాశారు. అవుతుంది, ఎనిమిది గాజు తలాలు మెరిసి ఫొటో పాలిపోతుంది కూడా.

రెండు రకాల గాజును కలిపి చేసేదాన్ని ఆక్రోమాట్ అంటారు, రంగుల అంచు చాలావరకు పోతుంది. ఇప్పుడు మామూలు లెన్సు మీద కూడా ఆ మాట అచ్చేసి అమ్ముతున్నారు, కాబట్టి ఇంటికొచ్చాక దీపం కింద పట్టి చూడండి. అటూ ఇటూ వంచితే దీపం ప్రతిబింబాలు రెండే కనబడితే అది ఒంటి గాజు. రెండు గాజులు అతికించినదైతే మధ్యలో మూడోది పలచగా కనబడుతుంది. ప్రతిబింబాలు ఆకుపచ్చగానో ఊదాగానో కాక దీపంలా తెల్లగానే ఉంటే మెరుపు తగ్గించే కోటింగ్ లేదని అర్థం. పవర్ కూడా చూసుకోండి. కిటికీకి ఎదురు గోడ దగ్గర లెన్సు పట్టుకుని, బయటి దృశ్యం గోడ మీద తలకిందులుగా స్పష్టంగా పడేచోట దూరం కొలవండి. +4 అయితే 25 సెం.మీ. దగ్గర్లో రావాలి. ఎండకు పట్టకండి, కాలుతుంది.

ఖరీదైనది కొంటే గొడవ వదిలిపోతుందనుకున్నా పొరపాటే. కెనాన్ 500డీ క్లోజప్ లెన్సు ఆక్రోమాట్, మంచి పేరున్నది. కానీ దాని పవర్ +2, పొడుగు టెలి లెన్సులకు ఉద్దేశించినది. నా 43 మి.మీ. జూమ్‌కు పెడితే ఫ్రేములో 7 సెం.మీ. వెడల్పు పడుతుంది, పువ్వుకు చాలు, పురుగుకు చాలదు. (వెతికేటప్పుడు 500డీ అని కొడితే అదే పేరున్న కెమెరా వస్తుంది, +4 పవరున్న 250డీ తోనూ అదే తిప్పలు.) రేనాక్స్ డీసీఆర్-250 పవర్ +8, చిన్న కెమెరాల పొట్టి జూమ్‌కు అదే ఎక్కువ నప్పుతుంది. అయితే దాని క్లిప్పు పట్టేది 52 నుంచి 67 మి.మీ. ఫిల్టర్ మరలకు. మరలే లేని కాంపాక్ట్‌కు మళ్ళీ మొదటి సమస్యే.

ఆ సమస్యకు సరైన మందు అడాప్టర్ గొట్టం. కెనాన్ పవర్‌షాట్ జీ10, జీ12 లాంటి వాటిలో లెన్సు చుట్టూ ఉన్న రింగు ఊడదీస్తే గొట్టం బిగించుకునే ఏర్పాటు ఉంటుంది, దాని చివర 58 మి.మీ. మరలు. బరువంతా కెమెరా ఒంటి మీద పడుతుంది, లోపలి లెన్సు తన పాటికి తను కదులుతుంది. గొట్టం ఫ్లాష్‌కు అడ్డొచ్చి కింద నీడ పడుతుంది, తెల్ల కాగితం అడ్డుపెట్టి వెలుగును పరిస్తే చాలావరకు పోతుంది. మీ మోడల్‌కు ఇలాంటి గొట్టం దొరక్కపోతే కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టి, క్లోజప్ లెన్సును లెన్సు ముందు చేత్తో పట్టుకోండి. నవ్వొచ్చేలా ఉంటుంది కానీ పని జరుగుతుంది, మోటారు మీద గ్రాము బరువు పడదు.

ఇప్పటికే ఆర్డర్ పెట్టినవాళ్ళు పెట్టె విప్పేటప్పుడు వీడియో తీసుకోండి. వాపసు గడువు దాటకముందే దీపం పరీక్ష, అచ్చు కాగితం పరీక్ష చేయండి, లెన్సు చేత్తో పట్టుకునే. రింగు వెనక కాగితం ఒలిచారంటే వాపసు తీసుకోరు, నాకు అదే సాకు చెప్పారు.

నా +10 మాత్రం ఖాళీగా లేదు. మా ఇంట్లో ఎవరి కాల్లోనైనా ముల్లు దిగితే దాంతోనే చూసి తీస్తున్నాం.