ఆరేళ్ల తరువాత రెండు ఎస్.ఇ.5ఎలు: నైలాన్ దారం, సాగే దారం

మా ఇంటి అద్దాల బీరువాలో మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధ విమానం ఎస్.ఇ.5ఎ నమూనాలు రెండు పక్కపక్కనే ఉన్నాయి. రెండూ 1/48 నిష్పత్తిలోవే, ఒకే పెట్టెలో జంటగా వచ్చినవే, నేను ఒకే వేసవిలో చేసినవే. తేడా అంతా రెక్కల మధ్య బిగించిన దారాల్లో ఉంది. ఒకదానికి నైలాన్ దారం, మరొకదానికి సాగే దారం వాడాను. మేముండేది విశాఖపట్నంలో, సముద్రపు గాలి నేరుగా తగిలే చోట. ఈ ఆరేళ్లలో ఆ గాలి, ఉప్పు, తేమ, దుమ్ము, ఇంటికి వచ్చిపోయే పిల్లల చేతులు కలిసి ఈ దారాలను పరీక్షించిన తీరు పెట్టె తెరిచిన వారంలో రాసే సమీక్షలకు అందదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

ఈ విమానాన్నే ఎంచుకోవడానికి మొదటి కారణం ఇంద్రలాల్ రాయ్. 1898లో కలకత్తాలో పుట్టి, లండన్‌లో చదువుకుని, 1917లో బ్రిటిష్ సైన్యపు విమాన దళమైన రాయల్ ఫ్లయింగ్ కోర్‌లో చేరిన ఆయన, 1918 జులైలో 40వ స్క్వాడ్రన్‌లో ఉండగా ఈ రకం విమానం మీదే రెండు వారాలు తిరగకుండా 10 విజయాలు సాధించాడు. అదే నెల 22న ఫ్రాన్స్‌లోని కార్విన్ వద్ద గగనయుద్ధంలో మరణించేనాటికి ఆయనకు ఇంకా ఇరవయ్యేళ్లు నిండలేదు. 1998లో మన తపాలా శాఖ ఆయన పేరిట విడుదల చేసిన స్టాంపు నా ఆల్బంలో ఉండేది. ఆ స్టాంపు నుంచే నా చూపు ఈ విమానం మీదికి మళ్లింది.

రెండో కారణం పూర్తిగా పనికి సంబంధించినది. రెండు రెక్కల విమానాల్లో తీగల పని నేర్చుకోవాలనుకునేవారికి ఇంతకన్నా అనువైనది నాకు కనిపించలేదు. పై రెక్కను కింది రెక్క మీద నిలిపే నిలువు కర్రలు, అంటే స్ట్రట్‌లు, ఇరుపక్కలా ఒక్కొక్క జతే ఉంటాయి కనుక తీగలు చిక్కుబడవు. బి.ఇ.2సి వంటి దానిలో పక్కకు రెండేసి జతలు ఉండడం వల్ల పని ఇంచుమించు రెట్టింపవుతుంది. అలాగని ఎస్.ఇ.5ఎ మరీ సులువని కూడా అనలేను. రెక్కల మధ్య తీగలు, తోక తీగలు, చక్రాల కాళ్ల మధ్య అడ్డ తీగలు, ఎయిలరాన్‌లను (రెక్కల వెనుక అంచున కదిలే పలకలను) కదిపే తాళ్లు అన్నీ కలిపి నేను ఒక్కో నమూనాకు 30కి పైగా దారాలు కట్టాను.

ఏ తీగ ఏ పని చేస్తుందో తెలియకుండా దారం కడితే పొరపాటు ఎక్కడ జరిగిందో కూడా తెలియదు. విమానం గాలిలో ఉన్నప్పుడు రెక్కలు పైకి విరిగిపోకుండా పట్టి ఉంచేవి ఫ్లయింగ్ వైర్లు. ఇవి కింద రెక్క మొదలు దగ్గర నుంచి పై రెక్కలో స్ట్రట్ తల వరకు వెళతాయి, ఎస్.ఇ.5ఎలో జంటగా ఉంటాయి. నేల మీద నిలిచి ఉన్నప్పుడు రెక్కల బరువును మోసేవి ల్యాండింగ్ వైర్లు. ఇవి పై రెక్క నడుమ నుంచి కిందికి, బయటి స్ట్రట్ పాదం దాకా వస్తాయి. ముందు స్ట్రట్‌కూ వెనుక స్ట్రట్‌కూ మధ్య అడ్డంగా వేసేవి రెక్క వాలు మారకుండా చూస్తాయి. రెక్కల కట్టుబడి ఎంత ప్రాణాంతకమైన విషయమో ఈ విమానం పుట్టినప్పుడే తేలింది. ఫార్న్‌బరోలోని రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఫ్యాక్టరీలో దీని రూపకల్పనలో పాలు పంచుకుని, 1916 నవంబరులో మొదటిసారి దీన్ని ఎగురవేసిన మేజర్ ఫ్రాంక్ గుడెన్, 1917 జనవరిలో రెండో నమూనా రెక్కలు గాలిలోనే విరిగిపోవడంతో మరణించాడు. ఆ తరువాతే రెక్కల నిర్మాణాన్ని గట్టిపరిచారు.

ఇక్కడ చాలామంది చేసే తప్పు, మొదట నేనూ చేసినదే, ఒకటి చెప్పాలి. ఆనాటి జర్మన్ విమానాల్లో గుండ్రటి తీగకు టర్న్‌బకిల్ (తిప్పితే తీగ బిగిసే మరల జోడు) బిగించి లాగేవారు. అది చూసి మనం బ్రిటిష్ విమానాలకు కూడా వరసగా టర్న్‌బకిల్‌లు అంటిస్తాం. ఎస్.ఇ.5ఎ రెక్కల మధ్య ఉన్నవి గాలిని చీల్చే ఆకారంలో చదునుగా తీసిన ఉక్కు తీగలు. వాటి కొనలకు మరలు ఉంటాయి, బిగింపు అక్కడే జరుగుతుంది. టర్న్‌బకిల్‌లు ఎయిలరాన్‌ల వంటివాటిని కదిపే తాళ్లకు ఉంటాయి. నేను మొదటి నమూనాకు ఓపిగ్గా అంటించిన చిన్న చిన్న లోహపు ముక్కల్లో సగానికి పైగా తరువాత పీకి పారేయాల్సి వచ్చింది.

ప్లాస్టిక్ పని గురించి ఎక్కువ చెప్పను. భాగాలు బాగానే అమరాయి. స్ట్రట్‌ల కొనల్లోని ముళ్లు కొంచెం పొట్టిగా ఉండడం తప్ప నేను ఫిర్యాదు చేయగలిగినది లేదు. రంగు విషయంలో పి.సి.10 అనే ఆ పైపూత ఆకుపచ్చ వైపు మొగ్గుతుందా, గోధుమ వైపా అన్న వాదం ఎన్నటికీ తెగదు. పసుపు మట్టిరంగు, మసి కలిపి చేసిన పూత అది, ఎండకు వానకు మారేది కూడా. నేను రెండింటికీ రెండు ఛాయలు వేసి ఊరుకున్నాను.

అసలు పని రంధ్రాల దగ్గర మొదలవుతుంది. రెక్కలు అతికించక ముందే, రంగు వేయక ముందే, ప్రతి తీగ మొదలయ్యే చోట 0.3 మి.మీ. డ్రిల్‌తో రంధ్రం చేసుకోవాలి. పై రెక్క అడుగున ఒక మి.మీ. లోతు చాలు, అవతలికి పోకూడదు. కింది రెక్కలో మాత్రం నిలువునా అవతలికి పోనివ్వాలి, ఎందుకంటే దారాన్ని లాగి బిగించేది అటునుంచే. రంధ్రం తీగ వెళ్లే దిక్కుకే వాలి ఉండాలన్నది ఎవరూ గట్టిగా చెప్పని నియమం. నిటారుగా తొలిచిన రంధ్రంలోంచి ఏటవాలుగా బయటికి వచ్చే దారం అంచు దగ్గర మడతపడుతుంది. మొదటి రోజు ఆ మడత కనిపించదు, మూడో ఏడు అక్కడే జిగురు విడుతుంది. నా చేతిలో ఒక్క రోజులో నాలుగు డ్రిల్ ముక్కలు విరిగాయి, అందులో ఒకటి ఇప్పటికీ ఎడమ రెక్కలోనే ఉండిపోయింది. వేళ్ల మధ్య చేతి డ్రిల్‌ను తిప్పుతూ, నొక్కకుండా, దాని బరువుకే దాన్ని దిగనివ్వడం వచ్చాక ఇక విరగలేదు.

దారం మందం గురించి ఒక చిన్న లెక్క వేసుకుంటే మంచిది. చేపల రేవు దగ్గర దుకాణాల్లో నాకు దొరికిన నైలాన్ గాలపు దారాల్లో అన్నిటికన్నా సన్నది 0.20 మి.మీ. ఉంది. దాన్ని 48తో హెచ్చిస్తే 9.6 మి.మీ. అవుతుంది, అంటే చిటికెన వేలంత లావు తీగ! నమూనా మీద అది తీగలా కాక మోకులా కనిపించింది. వెతికి వెతికి 0.10 మి.మీ. దారం తెప్పించుకున్నాక అది 4.8 మి.మీ.కు సరిపోయి, కంటికి ఒప్పుదలగా ఉంది.

నైలాన్ నమూనా అనుభవం ముందు చెబుతాను. పై రెక్క రంధ్రాల్లో దారపు కొనలు జిగురుతో నిలిపి, పై రెక్కను స్ట్రట్‌ల మీద కూర్చోబెట్టి, ఒకరోజు ఆరనిచ్చి, దారాలను కింది రెక్క రంధ్రాల గుండా దూర్చి, ఒక్కోదానికి ఒక్కో బట్టల క్లిప్పు వేలాడదీశాను. ఆ బరువుకు దారం నిటారుగా నిలిచాక రంధ్రంలో ఒక చుక్క జిగురు వేసి, ఆరాక అడుగున మిగిలిన ముక్కను బ్లేడుతో కోశాను. నులక మంచం బిగించినవారికి ఈ పనిలోని మర్మం వేరే చెప్పనక్కరలేదు. ఒక మూల ముందే గట్టిగా లాగేస్తే మంచం కుంటుతుంది. నేను కుడి పక్క పూర్తిగా బిగించాక ఎడమ పక్కకు వచ్చాను, దానితో మొదటికే మోసం వచ్చింది. పై రెక్క కుడి కొన కిందికి ఒంగి, రెక్క కొన వైపు పైకి లేస్తూ ఐదు డిగ్రీలు ఉండాల్సిన వాలు ఆ పక్క స్పష్టంగా తగ్గింది. తీగలన్నీ కోసి మళ్లీ కట్టాను. ఈసారి కుడి ఒకటి, ఎడమ ఒకటి, ముందు ఒకటి, వెనుక ఒకటి చొప్పున వెళ్లాను.

నైలాన్‌కు ఒక గుణం ఉంది. కట్టాక ఎక్కడైనా కాస్త వదులు కనిపిస్తే, వెలుగుతున్న అగరుబత్తి కొనను దారానికి తగలకుండా దగ్గరగా నడిపిస్తే అది ముడుచుకుని బిగుస్తుంది. మొదటి వేసవిలో ఈ విద్య చూసుకుని నేను మురిసిపోయాను. జులై వచ్చేసరికి దారాలు మళ్లీ వదులయ్యాయి. నైలాన్ తేమను పీల్చి సాగుతుందని, గాలి పొడిబారాక మళ్లీ కుదించుకుంటుందని అప్పుడు అర్థమైంది. ఆరేళ్లుగా ఇదే తంతు. ఫిబ్రవరిలో వీణ తీగల్లా ఉంటాయి, ఆగస్టులో పొడవైన ల్యాండింగ్ వైర్లు నాలుగూ సన్నగా వంగుతాయి. ప్రతిసారీ అగరుబత్తి పట్టుకోవడం మానేశాను, ఎందుకంటే వానల్లో బిగించిన దారం ఎండల్లో రెక్కనే లాగేస్తుంది. రంగు మరో సమస్య. పారదర్శకమైన నైలాన్‌కు వేసిన ఉక్కు రంగు మూడేళ్లకు అక్కడక్కడా రాలి, తీగ మీద మెరిసే మచ్చలు మిగిలాయి. కానీ బలం మాత్రం దీనిదే. ఈ నమూనాను రెక్క పట్టుకుని ఎత్తినా కదలదు, అసలు విమానంలో లాగే ఇక్కడా తీగలే రెక్కలను మోస్తున్నాయి.

సాగే దారం కట్టడం దీనిలో సగం శ్రమ కూడా కాదు. దూరాన్ని కొలిచి, దానికన్నా కొద్దిగా తక్కువ ముక్క కోసి, ఒక కొన అంటించి, సన్నని పట్టకారుతో రెండో కొనను లాగి రంధ్రంలో పెట్టి అర నిమిషం పట్టుకుంటే చాలు. ముదురు బూడిద రంగులోనే దొరుకుతుంది కాబట్టి రంగు వేయనక్కరలేదు, వేయకూడదు కూడా, సాగినప్పుడు రంగు పగులుతుంది. చదునుగా పట్టీలా ఉండే రకం తీసుకుంటే ఆ ఉక్కు తీగల పోలిక నైలాన్ కన్నా బాగా వస్తుంది. వానకాలం, ఎండాకాలం దీనికి ఒకటే. మా అక్క కొడుకు ఏడేళ్ల వయసులో ఒకసారి బీరువా తెరిచి ఉండగా వచ్చి, నేను వారించేలోపే రెండు రెక్కల మధ్య వేలు దూర్చి, “మావయ్యా, ఇది గిటారా?” అంటూ తీగలను మీటాడు. నా గుండె ఆగినంత పనయింది. దారం లోపలికి వంగి, వేలు తీయగానే యథాస్థానానికి వచ్చింది. నైలాన్‌ను అలా మీటి ఉంటే కొన ఊడేది, స్ప్రూ (కిట్ భాగాలను పట్టి ఉంచే ప్లాస్టిక్ చట్రం) నుంచి లాగిన తీగ అయితే రెండు ముక్కలయ్యేది.

దీని లోపాలు నాకు ఐదో ఏడు దాకా కనిపించలేదు. కిటికీ వైపు ఉన్న రెక్కలో మధ్యాహ్నపు ఎండ పడే చోట రెండు దారాలు ఎవరూ ముట్టకుండానే తెగిపడ్డాయి. పట్టకారుతో తీసి లాగితే సాగే గుణం చచ్చి, పెళుసుగా విరిగాయి. నీడ వైపు ఉన్నవన్నీ ఇప్పటికీ కొత్తవాటిలాగే ఉన్నాయి. బీరువాను కిటికీకి ఎదురు గోడకు మార్చాక మరొకటి తెగలేదు. ఇక బలం సంగతి చెప్పాలంటే ఈ దారం అలంకారమే తప్ప ఆధారం కాదు. పై రెక్క బరువంతా స్ట్రట్‌ల ముళ్ల మీదే ఉంటుంది కాబట్టి, కిట్‌లోని పొట్టి ముళ్లను తీసేసి ఇత్తడి తీగ ముక్కలు పొదిగాకే ఆ నమూనా కుదురుగా నిలిచింది.

తోక దగ్గరి పొట్టి తీగలకు రెండింటిలోనూ స్ప్రూను కొవ్వొత్తి మీద వేడిచేసి లాగిన పోగులు వాడాను. ఖర్చు లేనిది, ఎంత సన్నం కావాలంటే అంత సన్నం వస్తుంది, తేమకు చలించదు. కానీ మెత్తని కుంచెతో దుమ్ము దులిపే ప్రతిసారీ ఒకటైనా విరుగుతుంది. ఒక ఎయిలరాన్ తాడుకు పాతకాలపు వారి పద్ధతిలో తల వెంట్రుక కట్టి చూశాను. మందానికి అద్భుతంగా అమరింది గానీ, చినుకు పడితే చాలు వదులయ్యేది. పూర్వం గాలిలో తేమను కొలిచే పరికరాల్లో వెంట్రుకనే వాడేవారని గుర్తొచ్చి నవ్వుకుని, దాన్ని తీసేశాను.

ఇప్పటికి రెండు నమూనాల్లో కలిపి విఫలమైన దారాల లెక్క రాసుకున్నాను. విరిగిన స్ప్రూ పోగులు, ఎండకు తెగిన ఆ రెండు దారాలు మినహాయిస్తే మిగిలినవన్నీ రంధ్రం దగ్గర జిగురు విడిచినవే. సూపర్ గ్లూ గాలిలోని తేమతోనే గట్టిపడుతుంది. మా ఊరి వానకాలంలో అది చూస్తుండగానే పైకి గట్టిపడి, లోపల దారాన్ని సరిగా పట్టదు, చుట్టూ తెల్లటి బూజులాంటి పొర కూడా వేస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా తిరిగి కట్టిన దారాలే ఎక్కువ ఊడాయి. ఇప్పుడు జిగురు సీసాను సిలికా జెల్ పొట్లంతో సహా మూత గట్టిగా ఉండే డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో ఉంచుతున్నాను, వాడే గంట ముందు బయట పెడుతున్నాను. సీసా మూతితో ఎప్పుడూ నేరుగా వేయను, సూది కన్నంతో అందుకున్న బొట్టు చాలు.

నైలాన్ నమూనాలో కుడి ఫ్లయింగ్ వైర్ల జంటలో ఒకటి పోయిన నెల ఊడింది. పాత రంధ్రంలోని జిగురును 0.3 మి.మీ. డ్రిల్‌తోనే తొలిచి, ఈసారి ఫ్లోరోకార్బన్ రకం గాలపు దారం కట్టాను. అది నీరు పీల్చదు. దాని జంటగా పాత నైలాన్‌నే ఉంచాను, రెండూ ఒకే రెక్క మీద ఒకే తేమలో ఉంటాయి కాబట్టి ఈ ఆగస్టులో ఏది వంగుతుందో చూడవచ్చు.