ఫ్యూయల్ పంప్ కోసం రాణిగంజ్ నుంచి ఆటోనగర్ దాకా

హైదరాబాద్‌లో కారుకి ఫ్యూయల్ పంప్, అంటే ట్యాంకులోంచి ఇంజిన్‌కి పెట్రోల్ తోసే పంప్, కొనబోయేవాళ్లు డబ్బా మీద గంటకు ఇన్ని లీటర్లు అని వేసిన అంకె చూసి డబ్బులు ఇవ్వకండి. రాణిగంజ్‌లో ఒక షాపువాడు మమ్మల్ని ముంచబోయాడు, వనస్థలిపురం ఆటోనగర్‌లో ఒక పెద్దాయన గట్టెక్కించాడు. కోపం చల్లారకముందే రాస్తున్నాను.

మా బామ్మర్ది దగ్గర పాత ఆక్టావియా డీజిల్ ఉంది. అందులోకి ఆక్టావియా ఆర్ఎస్‌లో వచ్చిన 1.8 టర్బో పెట్రోల్ ఇంజిన్ దించుతున్నాడు. బండి తిరిగేది సొంత స్థలంలోనే. రోడ్డెక్కించేదైతే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, ఆర్టీఏ (రవాణా శాఖ ఆఫీసు) అనుమతి లేకుండా ఇంజిన్ మార్చకూడదు. డీజిల్ కారు ట్యాంకులో, ఇంజిన్‌లోకి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లకు సరిపడా ప్రెషర్ ఇచ్చే పంప్ ఉండదు కాబట్టి కొత్తది కొనక తప్పదు. ఆ ఇంజిన్ కంపెనీ నుంచి వచ్చినప్పుడు 150 హార్స్‌పవర్. వాడికి 200 కావాలి.

లెక్క ఇంట్లోనే వేసుకుని బయలుదేరాం. టర్బో పెట్రోల్ ఇంజిన్ ఫుల్ లోడ్‌లో ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు సుమారు 270 గ్రాముల పెట్రోల్ తాగుతుంది. 200కి గంటకు 54 కిలోలు, అంటే 73 లీటర్లు. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్, అది ఇంకాస్త ఎక్కువ పడుతుంది, 80 అనుకోండి. పైన పాతిక శాతం మిగులు వేసుకుంటే 100 లీటర్లు. ఈ వంద ఏ ప్రెషర్ దగ్గర అన్నదే అసలు సంగతి. పెట్రోల్ ప్రెషర్‌ని అదుపులో ఉంచే రెగ్యులేటర్ మామూలుగా 3 బార్ (బార్ అంటే ప్రెషర్ కొలత) దగ్గర పనిచేస్తుంది, టర్బో ఇంజిన్‌లోకి గాలిని 1 బార్ ఎక్కువ ప్రెషర్‌తో నెట్టగానే 4 బార్‌కి వెళ్తుంది. ప్రెషర్ పెరిగేకొద్దీ పంప్ తోసే పెట్రోల్ తగ్గుతుంది. ఇంజిన్‌కి ఎక్కువ కావలసిన క్షణంలోనే పంప్ తక్కువ ఇస్తుందన్నమాట. అక్కడ చాలకపోతే నాకింగ్ (ఇంజిన్ లోపల పెట్రోల్ అదుపు తప్పి పేలడం) మొదలై పిస్టన్లు పోతాయి.

ఖమ్మం నుంచి సికింద్రాబాద్ రైలు హాయిగా గడిచింది. స్టేషన్ ఎదురు లాడ్జి మాత్రం వద్దే వద్దు. ఫోన్‌లో 24 గంటలకు 1,300 అన్నారు. ఖాళీ చేసేటప్పుడు పన్నెండు దాటింది కదా అని ఇంకో 650 లాగారు. బాత్‌రూమ్‌లో బకెట్ కూడా లేదు, అడిగితే కౌంటర్‌లో కుర్రాడు తల ఎత్తలేదు. స్టేషన్ దగ్గర దిగాల్సి వస్తే చెక్ఔట్ టైమ్ రసీదు మీద రాయించుకోండి.

రాణిగంజ్‌లో స్పేర్‌పార్ట్స్‌కి కరువు లేదు, ఓపిక ఉంటే దొరకనిది ఉండదు. మేం వెళ్లిన షాపువాడు ముందు గంటకు 450 లీటర్ల పంప్ అంటగట్టబోయాడు. మాకు అంత పెద్దది ఎందుకు? కరెంటు ఎక్కువ లాగుతుంది, మిగిలిన పెట్రోల్ అంతా రిటర్న్ లైన్‌లో తిరిగి తిరిగి ట్యాంకులో వేడెక్కుతుంది, సన్న రిటర్న్ పైపు అయితే ప్రెషర్ రెగ్యులేటర్ చేయి దాటిపోతుంది. 255 చాలన్నాం. వాల్‌బ్రో (పంపులు చేసే కంపెనీ) 255 అని రాసి ఉన్న డబ్బా తీసి 6,800 అన్నాడు. 4 బార్ దగ్గర ఎంత ఇస్తుందని అడిగితే, "డబ్బా మీద రాసుంది గద అన్నా, కండ్లు మూసుకొని బిగించుకో" అన్నాడు. టెస్ట్‌లో ఫెయిలైతే వాపస్ అని బిల్లు మీద రాయించాకే డబ్బులిచ్చాను.

మా వాడికి నా మీదే చిరాకు. "ఊరికే అనుమానం బావా నీకు" అంటూ మెట్రోలో ఎల్‌బీ నగర్ దాకా మాట్లాడలేదు. అక్కడి నుంచి ఆటోలో ఆటోనగర్.

అక్కడ మా ఊరి మెకానిక్ చెప్పిన షెడ్డు ఒకటి ఉంది. పెద్దాయన షెడ్డు బయట, గాలి ఆడే చోట, పక్కన మంటలార్పే సిలిండర్ పెట్టుకుని పని మొదలుపెట్టాడు. చిన్న ట్యాంకులో పంప్ ముంచి, పైపుకి ప్రెషర్ గేజ్, రెగ్యులేటర్ తగిలించి, వైర్ల దగ్గర మీటర్ పెట్టాడు. ముల్లు 4 బార్ మీద నిలబడ్డాక పైపు కొలజాడీలోకి తిప్పి ముప్పై సెకన్లు పట్టాడు. జాడీలో 600 మిల్లీలీటర్లు. గంటకు 72 లీటర్లు! మా లెక్కలో మిగులు తీసేసినా చాలదు. పంప్ బాడీ మీద చెక్కుడు అక్షరాలు లేవు, ఉన్నది స్టిక్కరే, అది గోరుతో గీకితే ఊడొచ్చింది. బామ్మర్ది ముఖం పాలిపోయింది. పెద్దాయన వాడి భుజం తట్టి, తనకు తెలిసిన షాపు నుంచి అసలు పంప్ తెప్పించాడు, 9,400. అదే జాడీలో అదే ముప్పై సెకన్లకు 1,750 వచ్చింది, అంటే గంటకు 210 లీటర్లు. రెండు టెస్టులకూ కలిపి ఆయన తీసుకున్నది 300. పైగా పనివాళ్లతో పాటు కూర్చోబెట్టి జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టాడు. ఆ ప్రయాణంలో కడుపునిండా తిన్నది అదొక్కటే.

మళ్లీ రాణిగంజ్ వెళ్తే షాపువాడు ఎలక్ట్రికల్ సామాను వాపస్ తీసుకోనన్నాడు. బిల్లు చూపించి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి అక్కడే ఫోన్ చేస్తానన్నాక 6,300 ఇచ్చాడు. డబ్బా విప్పామని 500 కోత. ఆ 500 నాకు ఇప్పటికీ మండుతూనే ఉంది. బిల్లు మీద ఆ ఒక్క ముక్క లేకపోతే మొత్తం పోయేది. ఎవరు ఎంత నవ్వినా రాయించుకోండి.

పెద్దాయన ఇంకో మాట గట్టిగా చెప్పాడు. పాత కారు సన్నవైరు మీద పంప్ నడపొద్దు, దూరం పోయేసరికి వోల్టేజ్ పడిపోయి మంచి పంప్ కూడా తక్కువ తోస్తుంది. బ్యాటరీ నుంచి మందం వైరు, మధ్యలో ఫ్యూజు, రిలే (పంప్‌కి కరెంటు కలిపి తెంచే స్విచ్). ఎర్త్ వైరు కూడా అంతే మందం ఉండాలి. ఇంజిన్ ఆగితే పంప్ కూడా ఆగేలా రిలేని ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) చేతికే ఇవ్వాలి, యాక్సిడెంట్ అయితే పెట్రోల్ పారకుండా. ఈ సామానంతా 1,150 అయింది. పంప్ కింద తగిలించే జల్లెడ ఫిల్టర్ విడిగా 350, దాన్ని మాత్రం మర్చిపోకుండా పంప్‌తో పాటే కొనండి, మా ఖమ్మంలో దొరకలేదు.